హాల్లో లైటు చేత్తోనే వెయ్యాలి

శంషాబాద్‌లో యూనిఫాం వేసుకుని తిరిగేవాళ్లలో సగం మంది నడుముల కొలతలు సఖావత్‌కు తెలుసు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం దొరికిన పిల్లలకు కంపెనీలు ఒకే అచ్చులో కుట్టిన ప్యాంట్లు ఇస్తాయి. మనుషులేమో ఒకే అచ్చులో పుట్టరు. అందుకని ప్లాస్టిక్ సంచిలో యూనిఫాం పెట్టుకుని, పెద్ద రోడ్డు వెనక సందులో ఉన్న ఆయన ఇంటికి వస్తారు. ముందు హాలు, పక్కన కుట్టుగది, వెనక వంటిల్లు. ఇల్లూ అదే, దుకాణమూ అదే.

సఖావత్ మంచి టైలరే కానీ మనిషి ఒక చోట ఉండడు. చెయ్యి కాజా కుడుతుంటుంది, మనసు ఎటో పోతుంది. ఇంటి మీదుగా విమానం పోతే సూది అట్లాగే పట్టుకుని పైకి చూస్తాడు. తాను అంచు మడిచి కుట్టిన స్కర్టు ఇప్పుడు హిమాయత్ సాగర్ నీళ్ల మీదుగా పోతోందని, అది వేసుకున్న పిల్ల ఎవరికో చాయ్ అందిస్తోందని అనుకుంటాడు. ఆ నీళ్ల మీద ఎర్రటి ఎండ ఎట్లా పరుచుకుని ఉంటుందో ఊహించుకుంటూ కూర్చుంటాడు. ఈలోపు బయట పొద్దు గూకుతుంది, గదిలో చీకటి పడుతుంది. ఆయన మాత్రం కళ్లు చికిలించి కుడుతూనే ఉంటాడు.

ఆ చీకట్లోకి రోజూ సలేహా వచ్చేది. "లైటు ఏసుకోవేంది? కండ్లు పోతయ్" అని భర్తను కసురుకుని పిల్లల్ని పిలిచేది. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దు గూకగానే, మగ్రిబ్ నమాజు వేళ, హాల్లో లైటు ఎవరు వేస్తే వాళ్లు పెద్దలకు సలాం చెప్పాలి. పక్కింటి రుక్మిణమ్మ స్విచ్ నొక్కి బల్బుకు దండం పెట్టుకుంటుంది, వీళ్లు పెద్దలకు సలాం చేస్తారు, అంతే తేడా. అర్బాజ్, ఇఖ్రా చిన్నప్పుడు ఆ స్విచ్ కోసం కొట్టుకునేవారు. అందకపోతే కుర్చీ లాక్కుని ఎక్కేవారు. లైటు వెలిగాక సలాం చెప్పిన పిల్ల తల మీదో పిల్లాడి తల మీదో సలేహా చెయ్యి పెట్టి ఏదో గొణిగేది. ఇల్లంతా ఒక్క క్షణం మెత్తబడేది.

సలేహా పోయి రెండేళ్లు దాటింది. ఆ రోజు అర్బాజ్ పుణేలో ఉన్నాడు, కంపెనీ ట్రైనింగులో. తెల్లవారకముందే ఆమె కన్నుమూసింది. వాన వల్ల విమానం కదల్లేదు. "నేనొచ్చేదాక జర ఆగుమను" అని అర్బాజ్ ఫోన్లో చెల్లెలికి చెప్పాడు. ఆ మాట ఇఖ్రా తండ్రి చెవిన వేసింది. జనాజా ఎత్తడం ఆలస్యం చెయ్యొద్దని బంధువులు అన్నారు. సఖావత్ బంధువుల మాటకు తలూపాడు. ఆ రోజు ఎవరేమన్నా ఊపేవాడే. మట్టి వేసే వేళకు ఖబరస్తాన్ మీదుగా ఒక విమానం బాగా కిందికి దిగుతూ పోయింది. అందులో అర్బాజ్ ఉన్నాడని తర్వాత తెలిసింది.

అప్పటి నుంచి కొడుకు తండ్రితో మాట్లాడడు. కోపంగా అరిచినా బాగుండేది. అరవడు. ఇంటి ఖర్చు చూస్తాడు, మందులు తెస్తాడు, పక్కనే కూర్చుని తింటాడు, మాట మాత్రం ఉండదు. ఒక్కటే మిగిలింది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి హాల్లో లైటు వేసినప్పుడు గోడకు చెప్పినట్టు "అస్సలాం అలైకుం" అంటాడు. తల్లి నేర్పిన పద్ధతి, దాన్ని తప్పలేడు. సఖావత్ కుట్టుగదిలో నుంచి "వాలేకుం సలాం" అంటాడు. రోజంతా ఆయన ఎదురుచూసేది ఆ ఒక్క మాట కోసమే. కుట్టేది ప్యాంట్లే గానీ, నిజానికి సాయంత్రం ఎప్పుడవుతుందా అని కూర్చునే ఉద్యోగం ఆయనది.

అర్బాజ్ పనిచేసేది ఇంటి లైట్లను ఫోనుతో నడిపే స్విచ్చులు అమ్మి బిగించే కంపెనీలో. ఒక ఆదివారం పొద్దున నమూనాలన్నీ తెచ్చి కుట్టుబల్ల మీద, కత్తెర పక్కన పరిచాడు. నల్ల అద్దంలా నున్నగా మెరిసేవి, తెల్ల గుండీలవి, గుండ్రంగా తిప్పేవి. తండ్రికి అవతలి పక్క నిలబడి చెల్లెలితో మాట్లాడాడు.

"అబ్బాకు చెప్పు ఇఖ్రా. వచ్చే నెల నుంచి నాకు హిమాయత్ సాగర్ దిక్కు విల్లాల పని. ఎప్పుడొస్తనో తెల్వది. అబ్బా చీకట్లనే కుడుతడు. పొద్దు గూకంగనే ఇంట్ల లైట్లన్నీ వాటంతటవే వెలిగేటట్టు పెడత."

సఖావత్ చేతిలో సుద్ద ముక్క విరిగింది. లైటు దానంతటదే వెలిగితే ఇక స్విచ్ నొక్కేదెవరు? సలాం చెప్పేదెవరు? కొడుకు తన కళ్ల కోసమే ఇదంతా తెచ్చాడని తెలుసు. అందుకే వద్దని చెప్పడానికి నోరు రాలేదు. సాకులు మాత్రం బోలెడు వచ్చాయి.

"అద్దం మీద నా సుద్ద చేతులు పెడితే ఖరాబైతది" అన్నాడు, ఇఖ్రా వైపు చూస్తూ.

"గుండీలవి ఉన్నయ్‌గా, అవి పెడతనను" అన్నాడు అర్బాజ్, తనూ ఇఖ్రా వైపే చూస్తూ.

"నెట్ పోతే?"

"పోయినా చేత్తోని నొక్కొచ్చు, చెప్పు."

ఇఖ్రా కాస్త దూరంగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. "మీ మధ్యల నాకు మెడ నొస్తుంది. ఇద్దరికీ చెవులున్నయ్ కదా" అంది.

అర్బాజ్ కుట్టుగది గోడకు ఒక డిమ్మర్ పెట్టి చూపించాడు. దానికి తగ్గ బల్బే వెయ్యాలని, మామూలు ఎల్ఈడీ వేస్తే వణుకుతుందని, ఫ్యాను మాత్రం దీనికి కలపొద్దని చెల్లెలికి చెప్పాడు. వింటున్నది సఖావతే. కిటికీ మూసి ఆయన చేత్తో ఆ గుండీని మెల్లగా తిప్పాడు. తెల్లటి వెలుగు తగ్గుతూ తగ్గుతూ పసుపు పచ్చగా అయింది. ఇంకొంచెం తిప్పితే గది మూలల్లో చీకటి నిలిచి, మిషను మీద మాత్రం పల్చటి వెలుగు మిగిలింది. అచ్చంగా ఆ వేళే. తల మీద దుపట్టా సర్దుకుంటూ సలేహా గడపలో నిలబడిన వేళ. సఖావత్‌కు ఆమె నిజంగానే కనబడింది. కంది పప్పు పోపు వాసన కూడా తగిలింది. తిప్పుతూ, వెనక్కి తిప్పుతూ ఆయన చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. కొడుకు ఆయన్ని తొందర పెట్టలేదు.

"ఇది పెట్టుమను. ఈ గదిల పెట్టుమను, వంటింట్ల పెట్టుమను" అన్నాడు చివరికి. "హాల్‌ల మాత్రం వద్దు."

"హాల్‌ల ఎందుకొద్దంట?" అన్నాడు అర్బాజ్.

"గోడ పగలగొడతరు. మీ అమ్మీ ఏయించిన రంగు పోతది."

"పగలగొట్టే పని లేదు. పాత స్విచ్ డబ్బాల న్యూట్రల్ తీగ లేకున్నా, కొత్త తీగ గుంజకనే నడిచేటివి ఉన్నయ్, చెప్పు."

సఖావత్ దగ్గర సాకులు అయిపోయాయి. ఇక అసలు మాటే మిగిలింది. నువ్వు రోజూ ఒక్క మాట అంటవు, అది గుంజుకోకు అని చెప్పొచ్చు. అంత సుఖంగా చెప్పగలిగితే రెండేళ్లు ఎందుకు పడుతుంది?

"హాల్‌ల లైటు చేత్తోనే ఎయ్యాలె" అన్నాడు బల్లను చూస్తూ. "ఇగ నన్నేం అడగకున్రి."

అర్బాజ్ చాలా రోజుల తర్వాత తండ్రి ముఖం కేసి నేరుగా చూశాడు. తర్వాత హాలు కోసం తెచ్చిన స్విచ్ తీసి సంచిలో వేసుకున్నాడు.

కొత్త స్విచ్చులు వచ్చాక ఆ ఇంటి సాయంత్రాలు అందంగా మారాయి. పొద్దు వాలగానే కుట్టుగదిలో వెలుగు నిదానంగా పుట్టేది, వంటింట్లో పసుపు పచ్చగా పరుచుకునేది. సఖావత్ సూది ఆపి చూసేవాడు. ఇల్లు కళ్లు తెరుస్తున్నట్టుండేది. హాలు మాత్రం చీకట్లో ఉండేది. కాసేపటికి అర్బాజ్ వచ్చి టక్కున స్విచ్ నొక్కేవాడు. సలాం, జవాబు. అంతటితో ఆ రోజు గడిచినట్టే.

తర్వాత విల్లాల పని మొదలైంది. మొదటి రోజే మగ్రిబ్ దాటినా అర్బాజ్ రాలేదు. సఖావత్ నమాజు చేసుకుని, మిషను వదిలి, హాల్లో తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాత్రి డ్యూటీకి తయారైన ఇఖ్రా స్విచ్ మీద చెయ్యి వెయ్యబోయింది.

"ఉండనియ్యి."

"చీకట్ల ఏం కూసుంటవ్ అబ్బా?"

"ఉండనియ్యి బేటీ. వాడొస్తడు."

ఇఖ్రా ఆయన్ని ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. కుట్టడానికిచ్చిన జాకెట్టు తీసుకుపోదామని రుక్మిణమ్మ వచ్చింది. ఇల్లంతా వెలుగు, హాలొక్కటి చీకటి. "ఏంది సఖావత్ అన్నా, బల్బు పోయిందా? పొద్దుగూకినంక ముందటింట్ల చీకటుంచుతరా?" అని మందలించింది. "బల్బు మంచిగనే ఉన్నది రుక్మిణమ్మా, జర సేపటికి ఎలుగుతది" అని జాకెట్టు చేతికిచ్చి పంపాడు ఆయన. ఆమె గొణుక్కుంటూ పోయింది.

సందులో బండ్లు పోతున్నాయి. పైన విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ప్రతి దాని లైట్లూ కిటికీ మీదుగా జారిపోతుంటే సఖావత్ కళ్లతో సాగనంపాడు. కాసేపు ఆయనకు తాను ఎక్కడ కూర్చున్నాడో కూడా తెలియలేదు. హాలే ఒక పెద్ద చెరువైనట్టు, తాను ఒడ్డున ఎవరి పడవ కోసమో కూర్చున్నట్టు అనిపించింది.

గేటు చప్పుడైంది. అర్బాజ్ గడపలో బూట్లు విప్పి లోపలికి రాబోయి నిలబడిపోయాడు. వంటింటి వెలుగులో తండ్రి సగం ముఖమే కనిపిస్తోంది.

"చీకట్ల ఎందుకు కూసున్నవ్ అబ్బా?"

ఆ ప్రశ్న అడిగింది తననే అని సఖావత్‌కు తెలియడానికి కొంచెం సేపు పట్టింది. మధ్యలో ఇఖ్రా లేదు.

"నీ కోసమే ఆగిన బేటా" అన్నాడు.

స్విచ్ వైపు పోతున్న అర్బాజ్ చెయ్యి గోడ మీద అట్లాగే ఉండిపోయింది. అతని ఊపిరి వినబడుతోంది. పెద్దగా తీస్తున్నాడు, పిల్లాడు ఏడుపు ఆపుకున్నట్టు.

"ఆ రోజు ఆగేది ఉండె అబ్బా" అన్నాడు.

సఖావత్ బంధువుల పేరు ఎత్తలేదు. వాన సంగతీ, వేళ సంగతీ ఎత్తలేదు.

"ఆగేది ఉండె" అన్నాడు. "తప్పయింది బేటా. ఆగేది ఉండె."

అర్బాజ్ గోడ మీద నుంచి చెయ్యి తీసేశాడు. వచ్చి తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, ఆయన మోకాలికి తల ఆనించాడు. సఖావత్ ఆ తల మీద చెయ్యి పెట్టాడు. సలేహా ఏమని గొణిగేదో ఆయనకు గుర్తు రాలేదు, ఊరికే పెట్టాడు. చాలాసేపటి దాకా హాల్లో లైటు ఎవరూ వెయ్యలేదు.