ఓనరు వంతు అరిటాకులు

కడిగిన అరిటాకు మీద వేడి అన్నం పడగానే ఒక పచ్చి వాసన లేస్తుంది. ఎర్రగుంట్లలోని మా పార్సిల్ ఆఫీసులో ప్రతి క్రిస్మస్‌కూ ఆ వాసన వస్తుంది. మూటలన్నీ గోడవారకు జరిపి, గోడౌనులో పట్టలు పరిచి, పనిచేసేవాళ్లమంతా కింద కూర్చుని తింటాం. కూర ఒకరు, అన్నం ఒకరు తెస్తారు. ఆకులు నేను తెస్తాను. ఈసారి పండక్కి ముందు, బిల్లులు చూసే సుజాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "సార్, సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లకు హోటల్లో పార్టీ అంట. కంపెనీనే పెడతాందంట. మనమింకా ఇంటికాడ నుంచి గిన్నెలు మోసుకొస్తాండాం. మీరే ఓనరు గదా, ఒక్కపారి పెట్టకూడదా?" అంది. నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వు కింద ఉన్నది అసూయ. నాకు బాగా తెలిసింది కాబట్టి వెంటనే గుర్తుపట్టాను.

"బోనసు ముందే ఇచ్చినా కదమ్మా" అన్నాను. ఆమె అడిగింది దాని గురించి కాదని నాకూ తెలుసు. యజమాని తన పనివాళ్లకు పండగ విందు పెట్టాలా వద్దా అనే ప్రశ్న మీద నాకు సొంత అభిప్రాయమంటూ లేదు. ఉన్నదంతా ఈ వేసవిలో చనిపోయిన ఆశీర్వాదం మామది.

ఆయన ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బస్సుల షెడ్డుకు మేనేజరు. మా బస్సులు జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయి వచ్చేవి. చదువు అయ్యాక నేను అక్కడ గుమాస్తాగా చేరాను. నన్నెవరూ పేరుతో పిలవలేదు, రైటరు అనేవారు. ఆయన్ను మాత్రం డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్కు మస్తాన్, అందరూ మామా అనేవారు. మామ వాళ్ల నాయన మిషను బడిలో పంతులు. ఆయన దగ్గర్నుంచి మామకు రెండు అలవాట్లు వచ్చాయి. అబద్ధం ఆడడు, మాట సాగదీయడు. రెండోది నాకు నేర్పాడు. మొదటిది నేర్పాడని గట్టిగా చెప్పలేను.

షెడ్డులో సగం మంది క్రైస్తవులు. క్రిస్మస్ విందుకు మామ పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఎవరూ ఎవరికీ పెట్టకూడదు, అందరూ తేవాలి. కండక్టర్లు బియ్యం తెచ్చేవారు, క్లీనర్లు కట్టెలు, మస్తాన్ మసాలా. నా వంతు ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు. డ్రైవర్ ఓబులేసు వాళ్లది గొర్రెలు మేపే ఇల్లు కాబట్టి పొట్టేలు వాళ్ల మందలోంచి వచ్చేది. ఓనరుకు పులివెందుల దగ్గర అరటితోట ఉంది, ఆయన వంతు ఆకులు. కారు వెనక ఆకుల కట్ట వేసుకుని వచ్చి, మా మధ్యనే కూర్చుని తిని, తన ఆకు తానే మడిచి పారేసి వెళ్లేవాడు.

చేరిన ఏడాది ఆ విందుకు నోటీసు రాసే పని నాకు వచ్చింది. అప్పటికి నేను చాలా పుస్తకాలు చదివి ఉన్నాను, అవన్నీ ఆ కాగితం మీద కనిపించాలని నా కోరిక. మా ప్రియతమ యజమాని గారు అపారమైన దయతో పంపుతున్న అరిటాకులలో అని మొదలుపెట్టాను. మామ కళ్లద్దాలు పైకి జరిపి చదివాడు.

"ఓనరు ఏం తెస్తాడప్పా?"

"ఆకులు మామా."

"అయితే ఆకులు తెస్తాడని రాయి. దయ యాడ తెచ్చినాడు?"

షెడ్డంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఓబులేసు. విశేషణాలంటే నాకు పట్టుకున్న భయం ఆనాటిదే. ఓబులేసంటే కోపం కూడా.

వాడు నా వయసువాడే. చదువు అంతంత మాత్రం, నోరు పెద్దది, బస్సు మాత్రం బాగా నడిపేవాడు. వాడి ట్రిప్పు ఆలస్యమైతే మామ గేటు దగ్గర నిలబడేవాడు. మలుపులో లైట్లు కనబడ్డాక వాడిని తిట్టుకుంటూ లోపలికి వచ్చి, ఫ్లాస్కులో దాచిన టీ వాడికి పోసేవాడు. నేను చీకటిపడ్డాక సైకిల్ తీసుకుని బయల్దేరితే తల కూడా ఎత్తేవాడు కాదు. నాకోసం చర్చి బీరువాలోంచి పుస్తకాలు తెచ్చిన మాట నిజమే. బల్ల మీద పెట్టి, "చదివి ఇయ్యి" అనేవాడు. ఎలా ఉందని ఎప్పుడూ అడగలేదు. తిట్లన్నీ ఓబులేసుకే. నన్ను తిట్టాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు. నేను తప్పు చేయకుండా ఉండడం వల్ల ఏం పోగొట్టుకుంటున్నానో నాకు అప్పుడే తెలుసు.

ఊళ్లో ఇంకో బస్సు కంపెనీ ఉండేది. దాని ఓనరు ఒక పార్టీలో పెద్దమనిషి. క్రిస్మస్‌కు తన స్టాఫుకు బిర్యానీ పెట్టించి బట్టలు పంచేవాడు. మరునాడు స్టాండులో వాళ్లు మావాళ్లను ఉడికించేవారు. "ఏమప్పా, ఎర్రగడ్డలు ఎవురు తెచ్చినారు ఈపారి?" అని నన్నే అడిగేవారు. మావాళ్లు నవ్వేసేవారు గానీ షెడ్డుకు వచ్చాక ఆ కొత్త బట్టల గురించే మాట్లాడుకునేవారు. తర్వాత ఒక వేసవిలో, ఎన్నికల గొడవల మధ్య, ముద్దనూరు దాటాక ఒక ఊళ్లో ఆ కంపెనీ బస్సును ఆపారు. ఆ ఊరు అవతలి పార్టీది. డ్రైవరును దించి, మీ ఓనరు కూడు తిని మా ఊళ్లో హారను కొడతావా అని చెయ్యి విరిచారు. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. అది చూసి కూడా మావాళ్ల అసూయ తగ్గలేదు. చెయ్యి విరిగింది ఒకడికే, బిర్యానీ మాత్రం అందరూ తిన్నారు.

ఆ ఏడాదే మా ఓనరు కూడా ఆ పెద్దమనిషి పార్టీలోనే చేరాడు. డిసెంబరులో షెడ్డుకు వచ్చి, కారు దిగకుండానే చెప్పాడు.

"మామా, ఈపారి మీరేం తేవద్దు. మా బంగళాలో షామియానా ఏపిస్తాండా. బిర్యానీ, అందరికీ కొత్త అంగీలు."

"అంగీలు ఏం రంగన్నా?"

ఓనరు నవ్వి రంగు చెప్పాడు. అది పార్టీ రంగు. "నా మనుషులకు నేను ఒక పూట కూడు పెడితే తప్పేంది?" అన్నాడు.

"మీకేం తప్పులేదన్నా. రోడ్డు మీద పొయ్యేది వాళ్లు" అన్నాడు మామ.

కారు వెళ్లగానే మస్తాన్ మామ మీదికి లేచాడు. "చాకిరీ చేసేది మనం. ఆయప్ప దుడ్లతో ఒక పూట తింటే మన సొమ్ము మనం తిన్నట్టే. వద్దనేదానికి నువ్వెవురు మామా?"

"మన సొమ్మయితే జీతంలో కలిపి ఇయ్యమను. కాలు మీద కాలేసుకోని తీసుకుందాం. పండగనాడు పెడితే అది ఆయప్ప కూడు. తిన్నోళ్లు ఆయప్ప మనుషులు. పులివెందుల రోడ్డులో అదే లెక్క."

ఓబులేసు మధ్యలో దూరాడు. "ఆ కంపెనీ వాళ్లు తినలేదా? మనమేమన్నా తక్కువా?"

"తిన్యారు. ఆ డ్రైవరు చెయ్యి చూసినావా?"

మామ గొంతు తగ్గించి, "పొయ్యేటోళ్లు పోండి. నేనెవుర్నీ పట్టుకోను. షెడ్డులో పొయ్యి మాత్రం ఎలిగిస్తా" అన్నాడు.

క్రిస్మస్ నాడు షెడ్డులో మామ, ఆయన భార్య, వాచ్‌మన్, పెద్దవయసు కండక్టర్లు ఇద్దరు, నేను మిగిలాం. మాంసం మామే కొన్నాడు. ఓనరు రాడు కాబట్టి ఆకులు నేను తెచ్చాను. ఎవరూ ఆ విషయం ఎత్తలేదు. మొదటిసారి మామ పక్కన కూర్చున్నాను. ఎన్నో ఏళ్లుగా కోరుకున్న చోటు అది. ఆయన ముద్ద కలుపుతూ గేటు వైపే చూస్తున్నాడు.

"ఎవరికోసం మామా?"

"ఓబులేసు రాల్యా."

లేచి, ఒక టిఫిన్ గిన్నెలో అన్నం పెట్టి, మీద మంచి ముక్కలు ఏరి వేసి, మూత పెట్టాడు. వచ్చి కూర్చుని మళ్లీ గేటు చూశాడు. నేను తినడం ఆపేశానని అప్పుడు గమనించాడు.

"నువ్వు తినప్పా. నువ్వు యాడికి పోతావ్" అన్నాడు.

ఆ కూర రుచి నాకు గుర్తులేదు.

మరునాడు పొద్దున మొదటి బస్సు ఓబులేసుదే. కొత్త అంగీ వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. మామ వాడిని చూసి, "అంగీ విప్పు" అన్నాడంతే. తను పండక్కి కుట్టించుకున్న తెల్లచొక్కా విప్పి వాడికి తొడిగి, మేకుకు వేలాడుతున్న పాత ఖాకీ అంగీ తను వేసుకున్నాడు. తర్వాత ఆ గిన్నె మూత తీసి వాడి ముందు పెట్టాడు.

"ఇప్పుడా మామా? కడుపులో బిర్యానీ ఇంకా అట్లే ఉండాది."

"తిను."

చల్లారిపోయిన అన్నం వాడు చివరి మెతుకు దాకా తినేవరకు మామ పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాత వాడితోపాటు బస్సెక్కి, డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చున్నాడు. ఆ చోటు ప్రమాదమని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అయినా బస్సు గేటు దాటుతుంటే నేను చూసింది వాడి ఒంటిమీది తెల్లచొక్కానే.

సాయంత్రం బస్సు తిరిగొచ్చింది. ఓబులేసు షెడ్డు మధ్యలో నిలబడి చెప్పాడు. "ఆ ఊళ్లో కట్టెలు పట్టుకోని రోడ్డుకు అడ్డం నిలబడినారప్పా. ఒకడు తలుపు తీసి, పండక్కి యాడ తింటివిరా అన్నాడు. మామ అన్నాడు, నా చేత్తో పెట్టినా, నా కండ్ల ముందర తిన్యాడు, అని. వాడు మామ మొకం చూసినాడు. మామ అబద్ధమాడడని ఆ రోడ్డులో ఎవురికి తెల్దు? పోండి అన్నాడు."

ఆ గిన్నె ఎందుకు దాచాడో అందరికీ అర్థమైంది. మామ ముందుచూపును మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇప్పటికీ నమ్మకం లేదు. ముందురోజు గేటు వైపు చూసినప్పుడు ఆయన మనసులో ఆ ఊరు లేదు. ఓబులేసే ఉన్నాడు. వాడు తినలేదు కాబట్టి దాచాడు. అది తర్వాత వాడి చెయ్యి కాపాడింది. మరుసటి ఏడు ఓనరు మళ్లీ ఆకుల కట్టతోనే వచ్చాడు. అంగీల మాట ఎత్తలేదు.

ఈ వేసవిలో సమాధుల తోటకు తీసుకుపోతున్నప్పుడు మామ శవపెట్టె ముందు కొమ్ము ఓబులేసు పట్టాడు. కలమల్లలో కరెంటు ఫ్యాక్టరీ ఉద్యోగుల బస్సు చాలాకాలం నడిపి ఇప్పుడు ఇంటి దగ్గరున్నాడు. దారిలో ఎవరో "కొడుకా?" అని అడిగితే కాదనలేదు. నేను వెనక కొమ్ము పట్టాను. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి, "మామ తొడిగిన తెల్లంగీ ఇంకా మా ఇంటికాడ పెట్టెలో ఉండాదన్నా" అన్నాడు. "నీ గురించి శానా అనేటోడు రైటరన్నా."

"ఏమని?"

"రైటరుండాడు గదా, నాకేం భయం, అని."

వాడు మంచి మాటగానే చెప్పాడు. ఇంటికి వచ్చేదాకా నేను ఆలోచించింది ఆ అంగీ గురించి.

మొన్న పండగనాడు మా గోడౌనుకు లోడింగు మేస్త్రీ కొండయ్య రాలేదు. ఏదో పార్టీవాళ్లు పెట్టిన విందుకు పోయాడని చెప్పారు. నేను ఒక గిన్నెలో అన్నం పెట్టి, కూర వేసి, మూత పెట్టాను. నా పక్కన సుజాత కూర్చుంది. ఆ రోజు కూర తెచ్చింది ఆమే.

"ఎవురి కోసం సార్ గేటు చూస్తాండారు?"

"కొండయ్య రాలేదు."

"పోయినోళ్లనే చూస్తారు. ఉన్నోళ్లను చూడరు" అంది. నవ్వుతూనే అంది.

"నువ్వు తినమ్మా. నువ్వు యాడికి పోతావ్" అన్నాను.

అనేశాక నా గొంతు నాకే వినిపించింది. ఆ మాట అనేవాడి మనసు ఎంత నిశ్చింతగా ఉంటుందో మొదటిసారి తెలిసింది. వినేవాళ్లకు ఎలా ఉంటుందో ముందునుంచీ తెలుసు. సుజాత తల వంచుకుని తింటోంది. నేను లేచి, నా ఆకు రెండు చేతులతో ఎత్తుకుని, అవతలి వైపుకు పోయి, గేటుకు వీపు పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను. కూర బాగుందని చెప్పాను. కొండయ్య గిన్నె మూత మాత్రం తీయలేదు.