ఏటికి పోయాడు

ఫీచర్ వ్యాసం ఆసక్తిగా రాయడమెలా అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల మీద కాదు. ఆ మాట వినగానే ఎర్ర పెన్సిలు తిప్పుకుంటూ కూర్చున్న మా ఆదివారం పేజీల ఇన్‌చార్జి కళ్ల ముందుకొస్తాడు. ఆయన వెనకే నేను చేసిన వెధవ పని గుర్తొస్తుంది. ఆ మంట ఆయన మీదా, నా మీదా.

ఎనభైల మొదట్లో మాట. ఒక దినపత్రిక విశాఖపట్నం ఆఫీసులో చిన్నాచితకా వార్తలు రాసేవాణ్ణి. రోడ్డు ప్రమాదాలు, నీటి కొళాయిల గొడవలు, ప్రారంభోత్సవాలు. వాటికింద పేరు వెయ్యరు. ఆదివారం పేజీల్లో అయితే వేస్తారు. పేరు అచ్చులో చూసుకోవాలన్న యావ తప్ప నాకప్పుడు వేరే ధ్యాస లేదు.

మాది కృష్ణా జిల్లా. నాన్నకి పోర్టులో ఉద్యోగం రావడంతో నా ఆరో ఏట ఇక్కడికొచ్చాం. వీధిలో పిల్లలతో 'ఏటి', 'ఏటికి' అని మాట్లాడేవాణ్ణి. ఇంట్లో పొరపాటున ఆ మాట దొర్లితే అమ్మ 'ఏమిటి, ఎందుకు అని ఏడు' అని మొట్టేది. ఇన్‌చార్జి కూడా మా వైపు మనిషే. ఊళ్లోకొచ్చి ఆరు నెలలైంది. 'మనవాడివే' అని నన్ను చేరదీశాడు. ఆ చేరదీత ఎంత చాకిరీయో నాకే తెలుసు.

"మొదటి వాక్యం చదివేసరికి పాఠకుడి కాఫీ చల్లారిపోవాలయ్యా" అనేవాడు. ఆయన చేతిలో పడ్డ ప్రతి వ్యాసమూ తెల్లవారుజామున మొదలై కన్నీళ్లతో ముగిసేది. ఒకసారి దువ్వాడ వెళ్లి, స్టీలు ప్లాంటు పనులకొచ్చి అద్దె గదుల్లో సర్దుకుంటున్న కుటుంబాల మీద మూడు రోజులు తిరిగి రాశాను. ఒకే గదిలో రెండు కాపురాలు, మధ్యలో దుప్పటి కట్టుకుని, ఒకే పొయ్యి మీద వంతులేసుకుని వండుకునేవాళ్లు. నాకైతే బాగానే వచ్చిందనిపించింది. ఆయన చివరిదాకా చదివి కాగితాలు వెనక్కి తోశాడు.

"ఇందులో కన్నీళ్లేవి?"

"వాళ్లు ఏడవలేదండీ. నవ్వుతూనే చెప్పారు."

"నువ్వు సరిగ్గా అడగలేదు."

ఇంకేం చెప్తాం! ఏడిపించడం చేతకాని విలేకరినని ఒప్పుకుని బయటికొచ్చాను. ఈసారి ఎవరినైనా ఏడిపించి తీరాలని పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, వెళ్లింది అందుకే.

అక్కడ ఎండుచేపలమ్మే ఆవిడ ఉండేది. నలభై ఏళ్లుంటాయి. రూపాయి కాసంత బొట్టు, బేరంలో గట్టి నోరు. రెండు రోజులు చుట్టూ తిరిగినా పెదవి విప్పలేదు. మూడో రోజు ఆవిడే అడిగింది.

"నీ పేపరు ఎలమంచిలి ఎల్తాదా?"

"వెళ్తుందమ్మా. పొద్దున్న రైలుకే వెళ్తుంది."

"అయితే కూకో. సెప్తాను."

మొగుడు పోర్టులో కలాసీ. నాలుగేళ్ల కిందట ఒక పొద్దున చొక్కా తొడుక్కుని బయటికెళ్లినవాడు మళ్లీ ఇంటికి రాలేదు. గొడవ లేదు, మాటామాటా అనుకున్నది లేదు. ఈమధ్య ఎవరో ఎలమంచిలి సంతలో చూశామన్నారట.

"ఆడికి సదువు రాదు. ఎవులో ఒకులు సదివితే ఇంటాడు. ఏటికి పోనాడో తెల్దు బాబూ. కోపమొచ్చి పోనాడో, సిగ్గుపడి పోనాడో. తలుపు తీసే ఉందని రాయి. మరేటీ అడగనని రాయి."

రాస్తానన్నాను. ఇంటికొచ్చి రాయడం మొదలెట్టాను. బుట్ట, బేరం, నాలుగేళ్ల ఎదురుచూపు అన్నీ చక్కగా కుదిరాయి. 'ఏటికి పోనాడో తెల్దు బాబూ' అన్న దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. ఇంతకంటే మంచి ముగింపు దొరకదనిపించింది. ఆ తర్వాత ఎలమంచిలి, తలుపు తీసే ఉండడం ఇవన్నీ పెడితే తప్పిపోయినవాళ్ల ప్రకటనలా ఉంటుందనిపించింది. కొట్టేశాను. ఆవిడ నాతో మాట్లాడింది ఆ రెండు ముక్కల కోసమే. నేను కొట్టేసిందీ ఆ రెండు ముక్కలే.

ఇన్‌చార్జి చదివాడు. మొదటిసారి ఎర్ర పెన్సిలు కింద పెట్టాడు. "ఇదయ్యా ఫీచరంటే! ఆ యాస చూడు, ఆ చివరి మాట చూడు" అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం పిలిచి, కాగితమ్మీద పెద్దక్షరాల్లో రాసిన శీర్షిక చూపించాడు. 'ఏటికి పోయాడు'.

"ఎలా ఉంది?"

"అదిరింది సార్" అన్నాను. నిజంగానే అదిరిందనుకున్నాను. ఎందుకు పోయాడు అన్న ఆవిడ ప్రశ్ననే శీర్షిక చేశాడు, మనిషికి చెవి ఉంది అనుకుని మురిసిపోయాను. ఆయనా మురిసిపోయాడు. టీ తెప్పించాడు. ఆ రెండు మాటల మీద ఒకరినొకరు మెచ్చుకుంటూ టీ తాగాం.

ఆదివారం పేపరొచ్చింది. ముందు నా పేరు మూడుసార్లు చదువుకున్నాను. తర్వాత బొమ్మ చూశాను. ఎక్కడిదో పాత ఫొటో, నిండుగా పారే నది, ఒడ్డున ఖాళీ పడవ. ఇదెందుకు వేశారబ్బా అనుకుంటూ కిందికి చదివాను. నేను రాయని పేరా ఒకటి మధ్యలో కూర్చునుంది. ఉధృతంగా పొంగిన ఏరు ఆ నిరుపేద ఇల్లాలి పసుపుకుంకాలు తుడిచిపెట్టిందట. ఏటికి పోయినవాడు తిరిగి రాలేదట.

ఏరట! విశాఖపట్నంలో ఏరెక్కడుందయ్యా మహానుభావా? ఉన్నది సముద్రం. మిగిలినవి గెడ్డలనే చిన్న వాగులు, వాటిలో మోకాలు తడవదు. ఆర్నెల్లుగా ఊళ్లో ఉంటూ, ఎవరైనా 'ఏటికి' అంటే ఎందుకని అడుగుతున్నారని తెలియని మనిషి, నాకు చెవులు రిక్కించి వినమని పాఠాలు చెప్పాడు! ఆ రోజంతా తిట్టుకుంటూ తిరిగాను. సాయంత్రానికి గానీ అసలు సంగతి తట్టలేదు. నేను ఎలమంచిలి ఉంచి ఉంటే ఆయనకి ఏరు పెట్టడానికి చోటే దొరికేది కాదు.

సోమవారం ఆవిడ ఆఫీసుకొచ్చింది. ఆవిడ వెంట మార్కెట్లో గొడుగులు బాగుచేసే సాయిబుగారు, చేతిలో మడత పెట్టిన పేపరు. ఆవిడకి చదివి వినిపించింది ఆయనే.

"పైనున్న పెద్దచ్చరాలు సదివినాను, బాగుందంది" అన్నాడాయన. "ఏటికి పోయాడు, ఔను, నాను అడిగింది అదే కదా అంది. కిందికొచ్చేతలికి నాకే నోరు పెగల్లేదు బాబూ. పక్కోలు లాక్కుని పైకి సదివీసినారు."

ఆవిడ నా వైపే చూస్తోంది. బొట్టు అలాగే ఉంది.

"నిన్నటి నించీ ఒకులెనక ఒకులు ఏడుపులకొత్తన్నారు. ఇంకా బొట్టేటని ఒక ముసిల్ది అడిగీసింది. బతికున్నోడిని సంపీసినారు. ఆడు ఇన్నాడంటే, సచ్చిపోనాడని నానే సెప్పీసినాననుకోడా? ఇంకేటికొత్తాడు?"

ఆ గొడవకి లోపల్నుంచి వచ్చిన ఇన్‌చార్జి ఆ చివరి మాట విని, ఆవిడ ముందు నిలబడి ఎంతో దయగా అడిగాడు.

"ఏ ఏటికమ్మా?"

సాయిబుగారు తల దించుకున్నాడు. నేను ఇన్‌చార్జిని పక్కకి లాక్కెళ్లి, ఏటికి అంటే ఎందుకు అని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. అంతలోనే తేరుకుని "మరి శీర్షిక చూపించినప్పుడు అదిరిందన్నావుగా?" అన్నాడు. అన్నాను మరి.

సవరణ వెయ్యమని నాలుగు రోజులు పోట్లాడాను. పేపరు పరువు పోతుందన్నాడు. ఆవిడ పరువో అన్నాను. నా పేరు ఇక ఆదివారం పేజీల్లో పడదన్నాడు. పడొద్దన్నాను. ఆ ముక్క ఆ శుక్రవారమే అని ఉంటే ఎంత బాగుండేది! చివరికి ఐదో పేజీ అడుగున, టెండరు ప్రకటన పక్కన నాలుగు లైన్లు పడ్డాయి. ఆమె భర్త జీవించే ఉన్నట్లు తెలియవచ్చిందనీ, పొరపాటుకు చింతిస్తున్నామనీ. ఎలమంచిలికీ, తలుపుకీ అందులోనూ చోటివ్వలేదు.

ఆ పేపరు పట్టుకుని మార్కెట్‌కి వెళ్లాను. నేనే చదివి వినిపించాను. ఇంకా ఏమైనా రాసుందేమోనన్నట్టు ఆవిడ ఆగింది.

"అయిపోనాదా?"

"అయిపోయిందమ్మా."

పేపరు తీసుకుని, ఆ నాలుగు లైన్ల మీద వేలు పెట్టించుకుని చూసింది. తర్వాత బుట్టలో అట్టడుగున దాచిన ఆదివారం పేజీ తీసి పక్కన పరిచింది. నది, పడవ, పెద్దక్షరాలు, నా పేరు.

"దీన్ని పది మంది పైకి సదివినారు" అంది. "ఈ నాలుగు ముక్కలెవులు సదివి ఇనిపిత్తారు బాబూ ఆడికి? అబద్దం అంత బాగా రాసినారు. నిజం ఇంతేనా?"