ఖరగ్‌పూర్ హామ్ మేళాలో నా కుర్సీ

ముందుగా సెప్పీసుకుంటన్నాను. నాకు రాయడం రాదు. అయిదో క్లాసు సగంలో మానీసినోడిని. వొత్తు ఎక్కడెట్టాలో, దీర్గం ఎక్కడెట్టాలో ఇప్పటికీ నాకు దడే. ఈ కాయితం మూడుసార్లు సింపీసినాను. నవ్వుకోకుండా సదవండి.

అయినా ఎందుకు రాస్తన్నానంటే, మా ఖరగ్‌పూర్ హామ్ మేళాని తొలి రోజు నుంచీ సూసిన తెలుగోడిని నానొక్కడినే. ఇంగ్లీసులో రాసీవోళ్ళు రాసినారు. అందులో తీగ ఎంత పొడుగు కట్టినాం, ఎంత దూరం మాటాడినాం అనే ఉన్నాది. మనుషులు లేరు.

హామ్ అంటే తెలీనోళ్ళకి సెప్తాను. ఇంట్లో సొంత వైర్‌లెస్ ఎట్టుకుని ఊరూరితో మాటాడీవోళ్ళని హామ్‌లు అంటారు. అది ఉద్యోగం కాదు, సరదా. కాని గవర్నమెంటు పరీక్ష పాసవ్వాల, లైసెన్సు ఇవ్వాల. లైసెన్సుతోపాటు కొన్ని అచ్చరాలూ ఒక అంకె ఇస్తారు. దాన్ని కాల్‌సైను అంటారు. మనిషికొకటి. ఇంకెవరికీ అది ఉండదు.

నాను రైల్వే వర్క్‌షాపులో పెయింటర్ని. వేగన్ల మీద నంబర్లూ అచ్చరాలూ రాసీ పని. ఇంగ్లీసు సదవడం రాదు గాని, ఏ నుంచి జెడ్ దాకా పెద్దచ్చరాలు కళ్ళు మూసుకుని రాసీగలను. ఎనభైల్లో గోల్‌బజార్ దగ్గర ఒక బెంగాలీ దాదాకి రేడియో రిపేరు కొట్టుండీది. ఆ కొట్టుకి బోర్డు రాయడానికి ఎల్లినాను. నిచ్చెన ఎక్కుతానని తెలిసీసరికి దాదా నా సేత డాబా మీద ఎదురుకర్రకి వైర్‌లెస్ ఏరియల్ తీగ కట్టించినాడు. అలగ పరిచయం. మా ఊళ్ళో లైసెన్సున్న హామ్ అప్పుడికి ఆయనొక్కడే.

ఆ శీతాకాలం ఒక ఆదివారం దాదా కొట్టు ఎనక పెరట్లో మొదటి మేళా జరిగినాది. మేళా అనడానికి పెద్దగా ఏటీ లేదు. కలకత్తా నుంచి ఇద్దరు, మిడ్నాపూర్ నుంచి ఒకరు, టాటానగర్ నుంచి ఒకరు, దాదా. ఆరోవోడిని నాను. ఏళ్ళ తరబడి గాల్లో మాటాడుకున్నోళ్ళు, మొహాలు ఆ రోజే సూసుకున్నారు. టాటానగరాయన గొంతు గంభీరంగా ఉంటాదంట. మనిషి సూస్తే అగ్గిపుల్ల. "ఆరే, గలా తో హాథీ కా హై!" అని కలకత్తా ఇద్దరిలో పెద్దాయన ఒకటే నవ్వు. ఏనుగు గొంతని. టాటానగరాయన ఊరుకోలేదు. "మరి తమరి గొంతు విని నాను కుర్రోడనుకున్నాను, బట్టతల అని సెప్పలేదేటి?" అన్నాడు హిందీలోనే.

మద్దేన్నం ఒకళ్ళ తరవాత ఒకళ్ళు కుర్సీలో కూకుని మోర్సు కొట్టినారు. మోర్సు అంటే సుక్కలూ గీతలతో అచ్చరాలు పంపడం. సెవులకి హెడ్‌ఫోన్లు ఎట్టుకునీవోళ్ళు, అవతలోళ్ళ సప్పుడు ఆళ్ళకే వినబడీది. మాకు వినబడీది ఇత్తడి కీ, అంటే నొక్కీ మీట, సేసే టిక్ టిక్ ఒకటే. ఆళ్ళు కాయితం మీద రాస్తంటే సూసినాను. అన్నీ పెద్దచ్చరాలే, నాను వేగన్ల మీద రాసీవే! పానం లేసొచ్చినాది. కుర్సీ కాళీ అవ్వగానే కూకుని కీ మీద ఏలెట్టినాను.

దాదా గబుక్కున నా సెయ్యట్టుకున్నాడు. "నా నా దాదా. లైసెన్స్ ఛాడా హాత్ దేబే నా." లైసెన్సు లేనోడు సెయ్యెట్టకూడదని. అక్కడ ఎవరు ఎవరినైనా దాదా అనే పిలుస్తారు.

ఆ కలకత్తా పెద్దాయనే నవ్వి, "పెయింటర్‌బాబూ, ఆప్ చాయ్ దేఖియే" అన్నాడు.

లేసి ఎల్లి చాయ్ సూసినాను. దాదా తప్పు లేదు, కానూన్ అది. కాని అందరికీ పోసి, నాను మాత్రం తాగలేదు. ఆ రోజే అనుకున్నాను. ఇదే మేళాలో, ఈ కలకత్తా ఆయన సూస్తుండగా, నా సొంత కాల్‌సైనుతో ఆ కుర్సీలో కూకుంటాను. ఎన్నేళ్ళైనా సరే.

రైల్వే క్వార్టర్లుండీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా లైన్లోనే ఒక మాస్టారు ఉండీవోరు. రైల్వేలో టెలిగ్రాములు కొట్టి రిటైరైనోరు. తార్‌బాబు అనీవోళ్ళు. మాది శ్రీకాకుళం వైపు, ఆయనదీ అటే. ఆయనింట్లో పాత తార్ మిషను ఉన్నాది. ఎల్లి అడిగినాను.

"ఒరే, నీకెందుకురా ఇది? వేగన్లు సాల్లేదేటి?"

"సాల్లేదు మాస్టారు."

ఆ మిషన్లో కూత ఉండదు. ఇనప కడ్డీ కింద పడితే ఒక సప్పుడు, పైకి లేస్తే ఇంకో సప్పుడు. కట్, టక్. రెండింటి మద్దెన ఎడం తక్కువైతే సుక్క, ఎక్కువైతే గీత. ఎనకాల కాళీ డాల్డా డబ్బా ఎడితే సప్పుడు పెద్దదవుతాది. డ్యూటీ దిగి, సబ్బుతో సేతుల రంగు కడుక్కుని, రోజూ ఎల్లీవోడిని. ఏడెనిమిది నెలలకి మాస్టారు కొట్టింది కొట్టినట్టు రాసీసీవోడిని. "ఇంత బేగి పట్టీసినోడిని నా సర్వీసులో సూడలేదురా" అన్నారు. నాకు కళ్ళు నెత్తికెక్కినాయి. దాదా దగ్గరికెల్లి ఒకపాలి సరిసూసుకోవాలని తట్టలేదు. దాదా కూడా, తార్‌బాబు దగ్గర నేర్సుకున్నోడికి నాను సెప్పీదేటి అనుకున్నాడు.

మోర్సు కాక రాతపరీక్ష ఒకటున్నాది, ఇంగ్లీసులో. దానికే అందరూ బయపడినారు. దాదా హిందీలో సెప్తే నాను తెలుగచ్చరాల్లో రాసుకుని బట్టీ పట్టినాను. ప్రశ్నల్లోవీ జవాబుల్లోవీ ఇంగ్లీసు మాటలు వేగన్ మీద అచ్చరాల్లాగ బొమ్మలుగా గుర్తెట్టుకున్నాను. సర్క్యూట్ బొమ్మలు మాత్రం నా అంత తిన్నగా ఎవడూ గియ్యలేడు.

కలకత్తా ఎల్లినాను. రాతపరీక్ష గట్టెక్కినాది. తరవాత మోర్సు. ఇంక నాదే రాజ్యం అనుకుని పెన్సిలు సెక్కుకుని కూకున్నాను. ఆఫీసరు మిషను నొక్కినాడు. పీ పి పీ పి, పి పీ, పీ పీ పి అని ఒకటే కూత. ఎవరో ఈల ఏస్తన్నారు, అదవ్వగానే మొదలెడతారు అనుకున్నాను. పక్కోళ్ళందరూ గబగబా రాసీసుకుంటన్నారు. నా కాయితం తెల్లగా ఉన్నాది.

"కుఛ్ నహీ లిఖా?" అన్నాడు ఆఫీసరు, ఏటీ రాయలేదేటని.

"సార్, మిషను కట్ కట్ అంటం లేదు," అన్నాను హిందీలో.

గదంతా నవ్వు. అప్పుడు బోదపడినాది. హెడ్‌ఫోన్లో హామ్‌లు వినీది సప్పుడు కాదు, కూత. పొట్టి కూత సుక్క, పొడుగు కూత గీత. నాను ఎడం విని నేర్సుకున్నాను, ఆళ్ళు కూత విని నేర్సుకున్నారు. అచ్చరాలు అవే, సెవి ఏరు. రెండూ పాసైతేనే పాసు. మొత్తం మళ్ళీ రాయాల.

వర్క్‌షాపులో తెలిసిపోయినాది. "ఏటి, కట్‌కట్ మాస్టారూ, డిల్లీ ఏటంటన్నాది?" అని పలకరింపు. నాను బ్రష్షు దించకుండా, "మీ యవ్వారం బాగులేదంటన్నాది" అనీసినాను. లోపల మండిపోయినాది గాని మానీయాలని మాత్రం అనిపించలేదు.

మాస్టారికి సెప్తే నమ్మలేదు. నాతో దాదా కొట్టుకి ఒచ్చినారు. దాదా చిన్న కూతపెట్టి, అంటే కూతేసే డబ్బా, ఒకటి తయారుసేసి ఉంచినాడు, నొక్కితే పీ అంటాది. ఓ నాలుగు అచ్చరాలు నొక్కినాడు. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. మళ్ళీ నొక్కమన్నారు. సర్వీసంతా టెలిగ్రాములు పుచ్చుకున్న మనిషి, మొహం ఎర్రబడిపోయినాది.

"ఒరే, నాకూ తెలీడం లేదురా" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైనాదో నాకు తెలుసు. తరవాత ఆ కూతపెట్టి సంకలో ఎట్టుకుని, "రేపు సాయింత్రం నీ ఇంటికొస్తాను. ఇద్దరం నేర్సుకుందాం" అన్నారు.

అలగ మా అరుగు మీద మొదలైనాది. మాస్టారు పుస్తకం సూసి నొక్కుతారు, నాను ఏళ్ళ మీద లెక్కెడతాను. గీత, సుక్క, గీత... లెక్క అయ్యీసరికి తరవాతది ఎల్లిపోతాది. నెల గడిసినా అంతే. ఒక రోజు మా ఇంటిది పక్కన కూకుని రొయ్యలు ఒలుస్తన్నాది. తలెత్తకుండా, "ఇందాకటిదే కదండీ అది" అన్నాది.

మాస్టారు ఆపి పుస్తకం సూసినారు. నిజవే, రెండోసారి 'సీ' అచ్చరం ఒచ్చినాది.

"నీకు ఏబీసీలు రావు కదే, ఎలగ తెలిసినాది?" అన్నాను.

"ఏబీసీలు నాకేల? పాట ఒకటే కదా. కోయిల కూస్తే ఎన్నిసార్లు కూసినాదో లెక్కెట్టి కోయిలంటారేటి మీరు?"

మాస్టారు పకపకా నవ్వి, "ఒరే, గురువుని మార్సీ. ఈయమ్మకి దండం ఎట్టు" అన్నారు.

ఆ రోజు నుంచి సేతి ఏళ్ళు తొడల కింద ఎట్టుకుని కూకునీవోడిని, లెక్కెట్టకుండా. ఒక్కో అచ్చరం ఒక్కో పాట. ముందు మా ఇంటిది పట్టీది, తరవాత నాను, ఆకర్న మాస్టారు. మళ్ళీ పరీక్షకెల్లినప్పుడు అదే ఆఫీసరు. ఈసారి నా కాయితం నిండా వేగన్ మీద రాసినట్టు పెద్దచ్చరాలు. పాసైపోయినాను.

పాసైతే సాలదు. లైసెన్సు డిల్లీ నుంచి రావాల. ఈలోగా ఠాణా నుంచి పోలీసు ఎంక్వైరీకి ఒచ్చినాడు. వైర్‌లెస్ అనీసరికి, ఏ గూడచారి గొడవో అనుకుని లైన్లో జనం తలుపులేసీసుకున్నారు. రెండు మేళాలు దాటిపోయినాయి. రెండిటికీ ఎదురుకర్రలు నానే కట్టినాను. కుర్సీ దగ్గరికి మాత్రం ఎల్లలేదు. "కూకో దాదా, పాసైనావు కదా, ఎవరు సూస్తారు" అని దాదాయే అన్నాడు ఒకపాలి. "కాయితం రానీ" అన్నాను.

తొంబైలు ఒచ్చీసరికి మేళా దాదా పెరడు సాలక మా న్యూ సెటిల్‌మెంట్ తెలుగు ఇస్కూలికి మారినాది. కటక్ నుంచి, ధన్‌బాద్ నుంచి కూడా ఒచ్చీవోళ్ళు. ఆ ఏడు నా జేబులో కాయితం ఉన్నాది. కాల్‌సైను ఉన్నాది. కుర్సీలో ఆ కలకత్తా ఆయనే ఉన్నాడు. నాను కాయితం తీసి సూపించినాను. ఆయన పూర్తిగా సదివి, లేసి నిలబడి, కుర్సీ నా వైపు తిప్పినాడు.

కూకుని, గాల్లో ఎవరున్నారని కీ కొట్టి పిలిసినాను. జవాబు లేదు. మళ్ళీ పిలిసినాను. లేదు. కంగారులో నా కాల్‌సైనే తప్పు కొట్టీసినాను. ఎనక ఎవరో గొంతు సవరించుకున్నారు. మళ్ళీ మొదట్నుంచి కొట్టినాను. మూడోసారి విశాఖపట్నం నుంచి ఒకాయన పలికినాడు. శానా జోరుగా కొడతన్నాడు. సిగ్గుపడకుండా, మెల్లగా కొట్టండి అని అడిగినాను. మెల్లగా కొట్టినాడు. నీ కూత బాగా వినబడతన్నాది అన్నాడు. మొత్తం రాసుకున్నాను. ఒక్క అచ్చరం పోలేదు.

లేసిన తరవాత నాను ఒకటే అడిగినాను. ఒచ్చే ఏడు నుంచి ఇంకో టేబుల్ ఎయ్యాల. దానికి తీగ ఉండదు, గాల్లోకి ఏటీ ఎల్లదు, కూతపెట్టి ఒకటే. లైసెన్సు లేనోడు ఎవడొచ్చినా అక్కడ కూకోవచ్చు, కీ ముట్టుకోవచ్చు. కానూన్‌కి ఏటీ అడ్డం లేదు.

"దాదా, యే మేళా హై, ఇస్కూల్ నహీ" అన్నాడు కలకత్తా ఆయన.

"ఇస్కూలే దాదా. బయట బోర్డు సూడండి, నానే రాసినాను" అన్నాను.

ఆయనే ముందు నవ్వినాడు. టేబుల్ పడినాది, ఇంక తియ్యలేదు. మాస్టారు ఓపికున్నన్నాళ్ళు అక్కడే కూకున్నారు. ఇప్పుడు నాను కూకుంటన్నాను. ఎవరొచ్చినా ముందు ఒకటే సెప్తాను, "లెక్కెట్టకు, విను" అని. ఆళ్ళలో కొందరు పాసయ్యి ఒచ్చి పెద్ద టేబుల్ దగ్గర కూకున్నారు. చాయ్ ఎవరికి కావాల్సింది ఆళ్ళే పోసుకుంటారు.

ఇంతే నాకు తెలిసింది. బ్రష్షు ఇచ్చి వేగన్ సూపిస్తే అచ్చరం తిన్నగా ఒస్తాది, కాయితం మీద ఇలగ ఒంకరపోతన్నాది. ఎక్కడైనా తప్పు కనబడితే కోపం తెచ్చుకోకండి. మీ ఇంటి మనిషే రాసినాడనుకుని ఒగ్గీయండి.