మూఢంలో తెరుచుకోని బ్రౌజర్

మా ముందుగది చోడవరం మెయిన్‌రోడ్డు మీదికి ఉంటుంది. తొంభైల చివర్లో ఆ గది కోసం మా ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒకవైపు మా కోడలు. పెళ్లికి ముందు అనకాపల్లిలో కంప్యూటరు నేర్చుకున్న పిల్ల, ఆ గదిలో ఇంటర్నెట్ సెంటర్ పెడతానంది. రెండోవైపు ఎరువుల వ్యాపారి. తొలకరి పడేలోపు గది ఇస్తే బస్తాలు దించుకుంటానని మా ఆయన వెనకాలే తిరిగేవాడు. మా ఆయనకి ఎరువులు తెలుసు, కంప్యూటరు తెలీదు. అలాగని కోడలిని కాదనలేడు. నన్నెవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పడం నా అలవాటు కాబట్టి గది కోడలికే ఇమ్మన్నాను.

“అదేటో నీకు తెలుసేటే?” అన్నాడు మా ఆయన.

“తెలీదు. ఎరువుల కంపు మాత్రం తెలుసు. ఆ గది పక్కన పడుకునేది నాను.”

కొంచెం మెత్తబడి కోడలిని పిలిచాడు. “తొలకరి దాకా సూస్తానమ్మా. అప్పటికి ఆ మిషను నడిస్తే గది నీది. నడవకపోతే బస్తాలు దింపించేస్తాను. మళ్లీ ఏడవకూడదు.”

కోడలు సరేనంది. విశాఖపట్నంలో కంప్యూటర్ల కొట్టువాడు అన్నీ నడిపి చూపించాకే కంప్యూటరు తెచ్చుకుంది. తెచ్చాక వచ్చింది అసలు చిక్కు. మూఢం.

మా ఆయన పురోహితుడు కాదు. చెరుకు రైతు. కానీ దుక్కి దున్నాలన్నా, గొడ్డుని కొనాలన్నా పంచాంగం తీస్తాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా మంచిచెడ్డలకి ఆయన దగ్గరికే వస్తారు. ఆయన చిన్నప్పుడే బడికెళ్లాడు. నేను యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దాను. అందుకని మా ఇంట్లో కాగితం మీద ఉన్నది ఏదైనా ఆయన చదివాకే నిజం. ఆయన పంచాంగం చదివి, మూఢం పోయి, ఆషాఢం పోయి, శ్రావణం వస్తే గాని మంచిరోజు లేదని తేల్చాడు. తొలకరేమో శ్రావణం దాకా ఆగదు. ఎరువులవాడు అంతకన్నా ఆగడు.

కోడలు రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగి, మూడోనాడు నవ్వుతూ వచ్చింది. “మావయ్యా, దీనికి తారీకు మనం ఏది పెడితే అదే. శ్రావణంలో మంచిరోజు సెప్పండి, మిషన్లో పెట్టేస్తాను. దాని లెక్కలో అది మంచిరోజునే మొదలవుద్ది.”

“లోపల శ్రావణం ఉంటాదా?”

“లోపలంతా శ్రావణవే మావయ్యా.”

ఆ మాట ఆయనకి భలే నచ్చింది. పంచాంగం తిరగేసి, తిథీ తారీకూ లగ్నమూ చెప్పాడు. కోడలు అలాగే పెట్టేసింది. నేను నవ్వుకున్నాను. నవ్వినందుకు నాకు తిట్లు పడ్డాయి.

మొదలుపెట్టే రోజు కె.కోటపాడు నుంచి మా ఆడపడుచు కుటుంబంతో దిగింది. బూరెలు వండాను. కంప్యూటరుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. ఇంటర్నెట్ చూడాలంటే ముందు బ్రౌజర్ అనేది తెరుచుకోవాలట. వీధి తలుపులాంటిదని కోడలు మాకు ముందే చెప్పింది. అందరూ మెడలు చాపి చూస్తుంటే ఆ బొమ్మ మీద నొక్కింది. ఇంగ్లీషులో ఏదో రాసున్న చిన్న పెట్టె ఒకటి వచ్చింది. సరే అని నొక్కితే పెట్టే పోయింది, బ్రౌజరూ పోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే.

“ఏటంటంది?” అన్నాడు మా ఆయన.

“గడువయిపోయిందట మావయ్యా. కొత్తది తెచ్చుకోమంటంది.”

“ఇప్పుడే కదా కొబ్బరికాయ కొట్టేం, అప్పుడే గడువేటి?”

కొత్తది తెచ్చుకోవడానికి ఆ పెట్టెలోనే ఒక మీట ఉంది. అది నొక్కితే కొత్తదాని కోసం ఇంటర్నెట్‌లోకి వెళ్లాలి. వెళ్లాలంటే బ్రౌజర్ తెరుచుకోవాలి. తెరుచుకుంటే కదా. తాళంచెవి గదిలో మరిచిపోయి బయట తాళం వేసుకున్నట్టయింది మా పని. పిల్ల చెమటలు కక్కుకుంటూ నొక్కుతూనే ఉంది. చుట్టాలు ఒక్కొక్కరే గది బయటికి జారుకున్నారు.

మా ఆడపడుచు చెయ్యి కడుక్కుంటూ, “మిషను సంగతెలగున్నా బూరెలు బాగున్నాయి వదినా,” అంది.

ఆ మర్నాటినుంచి కోడలు చెయ్యని పని లేదు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది. బ్రౌజర్‌ని పూర్తిగా తీసేసి, కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీలోంచి మళ్లీ ఎక్కించింది. లోపం ఫోను లైనులో ఉందేమోనని తీగలన్నీ పీకి పెట్టింది. ఫోనుకి తగిలించిన మోడెం మాత్రం కోడిపుంజులా కూస్తూనే ఉంది, అంటే లైను బాగున్నట్టే. పెట్టె మాత్రం రావడం మానలేదు.

విశాఖపట్నం నుంచి మెకానిక్కుని పిలిపించాం. అతను మంచివాడే. గంటసేపు చూసి, “మీరేదైనా మార్చేరా మేడం?” అని అడిగాడు.

“లేదండీ,” అంది కోడలు.

“పసుపు రాసేం బాబూ, బొట్టెట్టేం. అంతే,” అన్నాడు మా ఆయన.

అతను పసుపుకేసి అనుమానంగా చూసి, గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. తుడిచాక కూడా పెట్టె వచ్చింది. “సీడీ పాతదయ్యుంటదండి. ఈసారి ఒచ్చినప్పుడు కొత్తది తెస్తాను,” అని బస్సెక్కాడు. ఈసారంటే ఎప్పుడో చెప్పలేదు.

ఆ రోజే కోడలు అనకాపల్లిలో ఇంటర్నెట్ కొట్టు పెట్టిన స్నేహితురాలికి ఫోను చేసింది. పెట్టేసి వచ్చి నా పక్కన కూలబడింది. “అదే సీడీ అత్తా. దాని కొట్లో నడుస్తంది. నా సేతిలోనే ఏదో ఉంది.”

“సేతిలో ఉంటే సెయ్యి కడుక్కో. ఏడవకు,” అన్నాను. ఓదార్చడం నాకు రాదు.

ఎరువులవాడికి సంగతి తెలిసిపోయింది. ఒక బస్తా తెచ్చి మా అరుగు మీద దించాడు. “ఇక్కడుంటాది లెండమ్మా, మీకేం అడ్డం? ఎలాగూ లోపలికెళ్లేదే కదా,” అన్నాడు. కోడలు ఆ బస్తాని దాటుకుంటూ గదిలోకి వెళ్లేది. ఆకాశంలో మబ్బు కనిపిస్తే అందరూ సంతోషించే రోజులు. ఆ పిల్ల మాత్రం మబ్బుని చూసి తలుపేసుకునేది.

ఈలోగా ఆ కంప్యూటరులో నడిచేది ఒకటే. జాతకాలు. కొట్టువాడు ఎక్కించి ఇచ్చాడు. పుట్టిన తేదీ, వేళ, ఊరు కొడితే తెలుగులో జాతకం వస్తుంది. మా ఆయనకి అది గిట్టదు. ఆయన పనికి అది పోటీ కదా.

ఒకరోజు పొద్దున్నే వడ్డాది నుంచి ఒక రైతు వచ్చాడు. తెల్లవారుజామున చోడవరం ఆస్పత్రిలో ఆయనకి మనవరాలు పుట్టింది. నక్షత్రం చూపించుకుందామని మా ఆయన కోసం వచ్చి, గదిలో కంప్యూటరు చూశాడు.

“దాన్లో తియ్యమ్మా. మా ఊళ్లో ఎవడికీ మిషను జాతకం లేదు,” అన్నాడు.

మా ఆయన కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు. పిల్ల పుట్టింది ఇవాళే కాబట్టి తేదీ కొట్టే పని లేదు, ఇవాళ్టి తేదీ మిషనే వేసుకుంది. కోడలు వేళా ఊరూ కొట్టింది. తెలుగు అక్షరాలు వచ్చాయి. తెలుగు కనిపిస్తే నేనూరుకోలేను. గోడ మీదున్నా, బస్సు మీదున్నా, పొట్లం కాగితం మీదున్నా పైకి చదివేస్తాను. ఆలస్యంగా వచ్చిన చదువు కదా, ఇంకా ముద్దు తీరలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను.

“శ్రా... వ... ణ మాసం. పూ... ర్వా... షాఢ నక్షత్రం.”

కుర్చీ ఇటు తిరిగింది. “ఏటన్నావు?”

“నానన్లేదు. అది అంది.”

“నీకు సదవడం రాలేదు. జరుగు.” కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. చూశాడు. నేను చదివిందే ఉంది. ఇంక అరుపు రోడ్డు దాకా వినిపించింది. “జ్యేష్ఠమాసంలో ఎండకి నెత్తి మాడిపోతంటే శ్రావణం అంటాదేటి! ఇవాళ స్వాతి. పూర్వాషాఢ ఎక్కణ్నుంచి ఒచ్చింది? రెండు నెల్లు పోయేక పుట్టబోయే పిల్లేటి ఇది?”

వడ్డాది రైతు బెదిరిపోయాడు. “లేదు బాబూ, పుట్టీసింది. నాను సూసే ఒచ్చేను.”

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వు. “మావయ్యా... శ్రావణం మనవే కదా పెట్టేం!”

అప్పుడు వివరంగా చెప్పింది. పత్రికవాళ్ల సీడీలో ఉన్న బ్రౌజర్ ఊరికే వాడి చూడమని ఇచ్చినది. ఒక తేదీ దాకానే పనిచేస్తుంది. ఆ తేదీ మనకింకా రాలేదు. కానీ మిషను లోపల శ్రావణం కదా, దాని లెక్కలో ఆ తేదీ ఎప్పుడో దాటిపోయింది. తేదీ తనే మార్చి, ఆ సంగతి తనే మరిచిపోయింది. “ఇవాళ్టి తారీకు పెడితే తెరుచుకుంటాది మావయ్యా.”

మా ఆయన నవ్వలేదు. “ఇవాళ్టిది పెడితే మూఢంలో మొదలెట్టినట్టే కదమ్మా. వొద్దు.”

కోడలి నవ్వు ఆగిపోయింది. మావగారికి ఎదురు చెప్పే పిల్ల కాదు. అరుగు మీదున్న బస్తాకేసి ఒకసారి చూసి, తర్వాత నాకేసి చూసింది.

“ఏటయ్యా,” అన్నాను. “మన పెళ్లిలో ముహూర్తానికి తాళి కట్టేవు. కట్టేక గడియారాన్ని అక్కడే ఆపీసేరేటి? ఆపీసుంటే నాను ఇంకా పెళ్లినాటి గుంటపిల్లగానే ఉందును, నీ తిట్లు తప్పును. మొదలెట్టడం మంచిరోజునే అయ్యింది. ఇంక దాన్ని నడవనీ.”

“నడవడం ఒప్పుకుంటాను. ఎనక్కి నడవడమేటే?”

“ముందుకెళ్లిపోయినదాన్ని ఇంటికి రమ్మంటన్నాం.”

మేమిద్దరం ఇంకా వాదులాడుకునేవాళ్లమే గాని వడ్డాది రైతు చేతులు జోడించాడు. “బాబూ, నా మనవరాలికి నచ్చత్రం సెప్పీసి, ఆ తరవాత కొట్టుకోండి.”

మా ఆయన ఆ మనిషి కేసి చూశాడు. పుట్టి పూటన్నా గడవని పిల్ల. దాని నక్షత్రం తప్పుగా అచ్చయి ఆ ఊళ్లో తిరగడం ఆయనకి మూఢం కన్నా ఘోరంగా తోచింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “మార్చమ్మా. ఆడపిల్ల జాతకం.”

కోడలు మార్చింది. జ్యేష్ఠమాసం, స్వాతి. మా ఆయన మీసం కింద నవ్వాడు, మిషను తన మాట విన్నట్టు. రైతు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని వెళ్లలేదు. ఏదో జరగబోతోందని ఆయనకీ తెలిసింది.

కోడలు బ్రౌజర్ బొమ్మ మీద నొక్కింది. పెట్టె రాలేదు. మోడెం కూసింది, బుసకొట్టింది, ఆగింది. తెల్లటి తెర మీద పైనుంచి గీత గీతగా ఏదో బొమ్మ దిగడం మొదలుపెట్టింది. నలుగురం చూస్తూనే ఉన్నాం. సగం దిగాక తెలిసింది, పువ్వు. అది మొత్తం దిగేసరికి కాఫీ కాచి తేవచ్చు. నేను కాచి తెచ్చాను కూడా.

సాయంత్రం ఎరువులవాడు వచ్చాడు. మా ఆయన అరుగు మీదే అడ్డంగా నిలబడ్డాడు. “నీ బస్తా అట్టుకెల్లు. గది కాళీ లేదు. శ్రావణ ముహూర్తాన మొదలెట్టిన యాపారం ఇది.”

“ఇంకా జ్యేష్ఠమే కదండీ?” అన్నాడు వాడు.

“నీకు పంచాంగం తెలీదు,” అన్నాడు మా ఆయన.

బ్రౌజర్ గడువు నిజంగా వచ్చేలోపే కోడలు ఇంటర్నెట్‌లోంచి కొత్తది దింపుకుంది. లైను తెగిపోతూ, మళ్లీ మొదటికి వస్తూ రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరినీ ఫోను ముట్టుకోనివ్వలేదు.

శ్రావణంలో మా ఆయన చెప్పిన ఆ మంచిరోజు, అసలుది, వచ్చింది. నేను మరిచిపోయాను, కోడలూ మరిచిపోయింది. పొద్దున్నే మా ఆయన తలంటుకుని, కొబ్బరికాయ పట్టుకుని గదిలోకి వచ్చాడు. “ఒకసారి ఆపి పెట్టమ్మా,” అన్నాడు. అప్పటికే ఒకాయన కుర్చీలో కూర్చుని ఉత్తరం కొట్టిస్తున్నాడు. ఆయన్ని లేపాం. కోడలు ఆపింది, పెట్టింది. బ్రౌజర్ తెరుచుకుంది.

“సూసేవా?” అన్నాడు నాతో.

“సూసేను. కాయ మాత్రం బయట కొట్టు, నీళ్లు మిషను మీద పడతాయి,” అన్నాను.