అంబదాస్ సారిచ్చిన రెండు మూతలు

నస్పూర్‌లో అంబదాస్ పేరు తెలియని వాళ్లుండొచ్చు గానీ, "చాయ్ తాగనియ్యని సారు" అంటే చిన్నపిల్లాడు కూడా ఇల్లు చూపిస్తాడు. బొగ్గు గనుల ఊరది. షిఫ్టుకు పోయేవాడికైనా, షిఫ్టు దిగి వచ్చేవాడికైనా కడుపులో చాయ్ పడితే గానీ కాళ్లు కదలవు. అలాంటి చోట ముప్పై ఏళ్లుగా ఒక డ్రిల్లు మాస్టారు తన దగ్గర పరుగు నేర్చుకునే పిల్లలను చాయ్ బండి దరిదాపులకు రానివ్వలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన బెంగళూరులో ఆరు వారాల కోచింగ్ శిక్షణకు పోయాడు. అక్కడ ఒక క్లాసులో, చాయ్‌లోనూ కాఫీలోనూ ఉండే కెఫీన్ కూడా ఆటగాళ్లకు నిషేధించిన మందుల జాబితాలో ఉందని చెప్పారు. ఎంత తాగితే తప్పవుతుందో కూడా చెప్పే ఉంటారు. అంబదాస్ మొదటి ముక్క ఒక్కటే రాసుకున్నాడు. క్లాసేమో ఇంగ్లీషులో, అందులోనూ భోజనాల తర్వాత. ఆదిలాబాద్ పక్కన పత్తి చేలల్లో, ఇంట్లో మరాఠీ బయట తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి ఆ వేళప్పుడు అంతకన్నా ఏం రాసుకుంటాడు?

ఆ ఒక్క ముక్కతోనే ఆయన ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చాడు. కాలనీ పక్క గ్రౌండులో ఏటా ముళ్లకంపలు తనే కొట్టించాడు. బొగ్గు లారీల దుమ్ము తాగాడు. షూ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎంతోమంది పిల్లలు జిల్లా దాకా వచ్చి ఆగిపోయారు, కొందరు రాష్ట్రం దాకా పోయి ఆగిపోయారు. ఒక్కొక్కరు ఆగినప్పుడల్లా ఆయన కూడా కొంచెం ఆగిపోతూ వచ్చాడు. ఇప్పుడు అరవై ఏళ్లు, అరిగిన మోకాళ్లు, చలికాలం రాగానే పట్టుకునే దగ్గు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉన్నా మనసు ఎప్పుడో పెట్టె సర్దుకుంది. దాన్ని మళ్లీ విప్పించింది నర్మద.

నర్మద ఆటో నడిపే కైలాసం బిడ్డ. పదిహేను వందల మీటర్లు పరుగెత్తుతుంది. ఏడో తరగతిలో సారు చేతికి వచ్చిన పిల్లకు ఇప్పుడు పందొమ్మిదేళ్లు. మాట తక్కువ. సారు కుడికి చూడమంటే కుడికి, ఎడమకు చూడమంటే ఎడమకు. అంత వినే పిల్ల దొరకడం ఏ గురువుకైనా అదృష్టమే అనుకుంటాం. అది అన్నిసార్లూ అదృష్టం కాదు.

నిరుడు డిసెంబరులో భోపాల్‌లో జాతీయ పోటీలు జరిగాయి. మంచిర్యాలలో పొద్దున్నే రైలెక్కారు. నాగపూర్ దాటేసరికి నర్మదకు దగ్గు మొదలైంది. కిటికీ మూసినా తగ్గలేదు. అంబదాస్ తన సంచిలోంచి దగ్గుమందు సీసా తీశాడు. ప్రతి చలికాలం జబ్బార్ మెడికల్ షాపులో ఆయన తనకోసం తెచ్చుకునేదే. మన దగ్గర ఉప్పు బదులివ్వడానికైనా ముందూ వెనకా ఆడతారు గానీ మందు ఇవ్వడానికి ఎవరూ ఆలోచించరు. నాకు తగ్గింది కాబట్టి నీకూ తగ్గుతుందన్నదే అందరి వైద్యం. రెండు మూతలు పోసి ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే చాయ్ అమ్మేవాడు వస్తే కసిరి పంపేశాడు. పరుగు రోజు పొద్దున మరో రెండు మూతలు ఇచ్చాడు.

నర్మదకు వెండి పతకం వచ్చింది. నస్పూర్ గ్రౌండు పుట్టాక జాతీయ పతకం అదే మొదటిది. పరుగు కాగానే పరీక్ష చేసేవాళ్లు వచ్చి ఆమెను మూత్రం ఇవ్వడానికి తీసుకుపోయారు. పతకం వచ్చినవాళ్లకు అది మామూలే అని సారు ధైర్యం చెప్పాడు. వచ్చేటప్పుడు రైల్లో ఆయన పదేళ్లు తగ్గినట్టు మాట్లాడాడు.

ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి, ఆటగాళ్లను పరీక్షించే సంస్థ దగ్గర్నుంచి, నర్మద ఫోనుకు ఉత్తరం వచ్చింది. ఆమె మూత్రంలో నిషేధిత మందు దొరికిందనీ, విచారణ అయ్యేదాకా ఎక్కడా పరుగెత్తకూడదనీ, తప్పు రుజువైతే రెండేళ్ల దాకా నిషేధం పడొచ్చనీ దాని సారాంశం. మందు పేరు నోరు తిరగనిది. అంబదాస్ దాన్ని పూర్తిగా చదవనైనా లేదు. ఆయన బుర్రలో ముప్పై ఏళ్లుగా ఒకటే పేరుంది మరి.

"చాయ్ తాగినవా?" అని అడిగాడు, కైలాసం ముందరే.

నర్మద తల దించుకుంది. "తాగిన సార్. ఒక్క కప్పు. పరుగుకు ముందటి దినం. మస్తు చలి పెట్టింది."

ఆయన అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు బయటకు వచ్చారు. కన్నబిడ్డనైనా అలా తిట్టి ఉండడు. ఒక్క కప్పు కోసం తన ముప్పై ఏళ్లు నీళ్లల్లో పోశావన్నాడు. పిల్ల ఏడ్చింది. కైలాసం కూడా బిడ్డనే తిట్టాడు. వారం రోజులు సారు గ్రౌండు మొహం చూడలేదు. ఆయన భార్య గంగుబాయి అన్నం ముందు పెట్టి, "పిల్ల చాయ్ తాగితే ఊరు మునుగుతదానయ్యా?" అంటే ఆమె మీదా లేచాడు.

వారం తర్వాత దగ్గుమందు అయిపోయిందని జబ్బార్ షాపుకు పోయాడు. ఆదివారం కావడంతో జబ్బార్ కూతురు యుమ్నా కౌంటర్లో ఉంది. కరీంనగర్‌లో ఫార్మసీ చదువుతోంది. చిన్నప్పుడు ఆయన దగ్గర డ్రిల్లు నేర్చుకున్న పిల్లే. నర్మద సంగతి అడిగితే, తన ఫోనుకు పంపించుకున్న ఉత్తరం తీసి చూపించాడు. యుమ్నా రెండుసార్లు చదివింది. తర్వాత ఆయన కోసం తీసి పెట్టిన సీసాను తిప్పి, వెనక చీమ తలకాయలంత అక్షరాల మీద వేలు పెట్టింది.

"సార్, గీ పేరు, ఉత్తరంల పేరు ఒక్కటే. టెర్బుటలిన్. ఊపిరితిత్తులు తెరిపిచ్చే మందు. ఆటగాళ్లకు ఎన్నడూ పనికిరాదు."

"మరి చాయ్?"

"చాయ్‌కు ఏం లేదు సార్. కెఫీన్‌ను లిస్టుల నుంచి తీసేసి ఇరవై ఏండ్లు దాటింది. ఎవరెంత తాగుతున్నరో చూస్తరంతే." ఆ పిల్ల ఉత్తరం చివరిదాకా జరిపి ఆగింది. పరీక్ష రోజున నర్మద నింపిన కాగితం నకలు కూడా దానికి జతచేసి ఉంది. గడిచిన వారంలో ఏ మందులు వాడారో రాయమనే చోట, ఇంగ్లీషు రాక, వంకర తెలుగు అక్షరాల్లో నర్మద ఒకే మాట రాసింది: చాయ్ – ఒక కప్పు.

అంబదాస్ అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. జబ్బార్ లోపలినుంచి నీళ్లు తెచ్చి, "పరేషాన్ కాకున్రి సార్, నాకు సుత ఎరుక లేకపాయె. ఆటగాళ్లకని మీరు ఎన్నడన్న చెప్తిరా?" అన్నాడు. చెప్పలేదు. తన దగ్గుకే కదా తెచ్చుకున్నది.

అటునుంచి అటే కైలాసం ఇంటికి నడిచాడు. నర్మద బట్టలు ఆరేస్తోంది. సారును చూసి మళ్లీ తిట్లకు సిద్ధపడ్డట్టు నిలబడింది.

"దగ్గుమందు తాగిన సంగతి ఎందుకు రాయలే బిడ్డా?"

నర్మదకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "అది మీరిచ్చిన్రు గద సార్," అంది. "చాయ్ నేను తాగిన. తప్పు చేసిన గన్క రాసిన. మీరిచ్చింది ఎందుకు రాస్త?"

తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటిగా తిరిగి వచ్చి ఆయనకే తగిలాయి. క్షమించమని అడగడం ఆ తరం మాస్టార్లకు అలవాటు లేని పని. ఆ పూట కూడా చేతకాలేదు. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాడు.

ఢిల్లీ వాళ్లు నర్మదకు ఉచితంగా ఒక వకీలును ఇచ్చారు. ఆయన ఫోన్లో విషయం సూటిగా చెప్పాడు. మందు ఒంట్లోకి ఎలా వచ్చిందో రుజువు చేస్తే, పిల్ల కావాలని తీసుకోలేదని తేలితే శిక్ష తగ్గుతుంది. కానీ ఆటగత్తెకు నిషేధిత మందు తన చేత్తో ఇచ్చిన కోచ్‌ది వేరే నేరం. దానికి నాలుగేళ్లకు తక్కువ ఉండదు. తెలియక ఇచ్చానన్నా విడిచిపెడతారన్న నమ్మకం లేదు.

ఆ మాట విన్న సాయంత్రమే నర్మద, కైలాసం వచ్చారు. ఎప్పుడూ సారు ముందు కూర్చోని కైలాసం ఆ రోజూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నేనే కొనుక్కొని తాగిన అని చెప్త సార్," అంది నర్మద. "మీ పేరు ఎందుకు?"

"గట్ల చెప్తే నీకు రెండేండ్లు పడుతది."

"పడితె పడనియ్యి సార్," అన్నాడు కైలాసం. "మీరు ఈ వయసుల బద్నాం కావద్దు. మీరు లేకపోతె మా బిడ్డ ఇక్కడిదాక వచ్చునా?"

నిజం చెప్పాలంటే, ఆ మాటకు అంబదాస్‌కు ప్రాణం లేచి వచ్చింది. వద్దని వెంటనే అనలేదు. రెండు రోజులు ఆ మాటను చప్పరిస్తూ గడిపాడు. ఇంకెంత, కొన్ని నెలలైతే శాలువా కప్పి, దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. ముప్పై ఏళ్ల చాకిరీకి ఆ నాలుగు మాటలైనా దక్కవద్దా? అలసిపోయిన మనిషికి న్యాయం కంటే నిద్ర మీదే ఆశ ఎక్కువ. మూడో రోజు కూరగాయలకు పోతూ గ్రౌండు పక్కనుంచి వెళ్లాడు. నర్మద గేటు బయట రోడ్డు మీద, లారీల పక్కన, ఒక్కతే పరుగెత్తుతోంది. సారు రానప్పుడు లోపలికి పోవద్దని ఎప్పుడో తానే చెప్పాడు. ఆ మాటను కూడా ఆ పిల్ల ఇంకా తప్పలేదు. రెండేళ్లు ఇలాగే రోడ్డు మీద పరుగెత్తితే ఏ పిల్లకైనా పరుగు మిగలదు. ఆ సంగతి ఊళ్లో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు.

జూన్‌లో విచారణ జరిగింది. మంచిర్యాలలో ఒక నెట్ సెంటరులో, కంప్యూటర్ తెర మీద తీర్పు చెప్పే ముగ్గురు, ఒక మూలన వకీలు కనిపించారు. నర్మద పక్కన అంబదాస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. "తెలియక ఒక్కసారి ఇచ్చానని చెప్పండి, అంతకుమించి ఏమీ చెప్పకండి" అని వకీలు ముందే హెచ్చరించాడు. ఈ నిర్ణయం నర్మదకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మందు ఇచ్చింది తానేనని అంబదాస్ హిందీలో చెప్పాడు. నర్మద ఉలిక్కిపడి చూసింది. ఖాళీ సీసా చూపించాడు. తెర మీద నడుమ కూర్చున్నావిడ చాలా మర్యాదగా అడిగింది, మీరు ఇలా పిల్లలకు మందివ్వడం ఇదే మొదటిసారా అని.

అవునంటే అయిపోయేది. కానీ ఆయన కళ్ల ముందు రైళ్లు కదిలాయి. వరంగల్ రైలు, హైదరాబాద్ రైలు, మూత పట్టిన చేయి, దాని కింద బుద్ధిగా తెరిచిన చిన్న నోళ్లు. జ్వరానికి బిళ్ల, కాలి నొప్పికి బిళ్ల, దగ్గుకు మందు.

"కాదమ్మా," అన్నాడు. "ముప్పై ఏళ్లుగా ఇస్తూనే ఉన్నాను. ఇదేంటని ఒక్క పిల్లా అడగలేదు. అడిగేలా నేను పెంచలేదు. ఈ పిల్ల నన్ను నమ్మింది తప్ప ఇంకో తప్పు చేయలేదు."

వకీలు కళ్లు మూసుకున్నాడు. నర్మద చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తీర్పు ఆగస్టులో వచ్చింది. వెండి పతకం వెనక్కి ఇవ్వాలి. పరీక్ష జరిగిన రోజు నుంచి లెక్కేసి నర్మదకు పది నెలలు. అంటే ఇంకో రెండు నెలలు ఆగితే మళ్లీ పరుగెత్తవచ్చు. అంబదాస్ కేసు వేరుగా నడిచి, ఆయనకు నాలుగేళ్లు పడింది. గ్రౌండులో కాలు పెట్టకూడదు, ఎవరికీ పరుగు నేర్పకూడదు. బడిలో ఆయనను హాజరు పట్టికలు రాసే పనిలో కూర్చోబెట్టారు. శాలువా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయని ఊళ్లో కొందరు నవ్వారు. నవ్వినవాళ్ల పిల్లలకు ఆయన పరుగు నేర్పి ఉండకపోతే, ఆ నవ్వు నాకింత కష్టంగా ఉండేది కాదు.

మంచిర్యాలలో కొత్త కోచ్ దొరికాడని చెప్పడానికి ఒక ముసురు రోజు నర్మద ఇంటికి వచ్చింది. తడిసి వచ్చి గుమ్మంలోనే దగ్గింది. అంబదాస్ చేయి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. గొంతు బిళ్ల ఒకటి తీసి ఇచ్చాడు. నర్మద అలవాటుగా చేయి చాపి తీసుకుంది. కాగితం విప్పబోయి ఆగింది. దాన్ని వెనక్కి తిప్పి, అందులోని మందుల పేర్లు సరిచూడటానికి ఫోను తీసింది. ఆమె మొహం సిగ్గుతో ఎర్రబడింది.

"జర చూస్త సార్. ఏమనుకోకున్రి."

అంబదాస్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల తన చేతిని నమ్మనందుకు రాలేదవి, ఇన్నేళ్లూ నమ్మినందుకు వచ్చాయి.

"దీంట్ల ఏం లేదు సార్, తినొచ్చు," అంది నర్మద.

"ఇంకోసారి చూడు బిడ్డా," అన్నాడాయన.