చిలుం గొట్టాలు ఉడికించిన గిన్నె

నేను కృష్ణానగర్‌లో సినిమా దుస్తులు కుడతాను. పదో తరగతితో బడి ఆగిపోయింది గానీ గ్రంథాలయానికి వెళ్లడం ఆగలేదు. మత్తుమందుల చట్టం మీద తెలుగులో ఉన్న పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆ సంగతి మా గల్లీలో అందరికీ తెలుసు, నేనే చెప్పాను కాబట్టి.

మా పక్క గదిలో ఉండే అతను సినిమా సెట్లకు కావలసిన సామాన్లు సమకూరుస్తాడు. ఒక సాయంత్రం ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ ముగించుకుని వస్తుంటే పోలీసులు బండి ఆపారు. సంచిలో గంజాయి పీల్చే మట్టి చిలుం గొట్టాలు ఉన్నాయి. అవి షూటింగ్‌వని చెప్పినా వినకుండా తీసుకుని, మర్నాడు స్టేషన్‌కు రమ్మన్నారు.

భార్య అతన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నువ్వు బుక్కులు చదువుతవ్ గద. ఈయనను జైల్ల ఏస్తరా?"

"ఉత్త గొట్టం దగ్గరుంటే దానికంటూ వేరే శిక్ష లేదమ్మా. మత్తుకు వాడినదైతే జప్తు చేస్తారు. లోపల గంజాయి మిగిలి ఉంటేనే చిక్కు. కొంచెమే అయినా ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. అయినా మీవి కొత్తవేగా? టీ డికాషన్, మసి పూసి పాతవాటిలా చేస్తారుగా?"

అతను తల దించుకున్నాడు.

"గీసారి టైం లేకుండె అన్నా. గుడికాడ గంజాయి తాగే బాబాలకు కొత్తవి ఇచ్చి, వాళ్లు తాగినవి తెచ్చిన."

చదివిన పేజీలన్నీ తలచుకున్నా ఊరటనిచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు.

"మంచి పని చేసినవ్," అంది భార్య. "నా అన్నం గిన్నె ఖరాబ్ చేసింది సాలదా?"

"గిన్నెకేమైంది?" అన్నాను.

"హీరో నోట్ల పెట్టుకుంటడని సోడా ఏసి పొద్దంత ఉడకబెట్టిండు. కంపు పోక గిన్నె బయట పడేసిన."

"గొట్టాలు తెల్లగైనయి అన్నా," అతను గొణిగాడు. "మళ్ల డికాషన్ల ఏయాల్సొచ్చింది."

పొద్దున్నే ముగ్గురం స్టేషన్‌కు వెళ్లాం. ఉడకబెట్టినదానికి సాక్ష్యంగా ఆమె గిన్నె కూడా పట్టుకొచ్చింది. ఎస్సై అంతా విని, గిన్నె వాసన చూసి పక్కకు జరిపాడు.

"హీరోగారికి తెలుసా ఇది?"

"తెలిస్తే నన్ను పనిల ఉంచుతరా సార్?"

ఎస్సై మొహంలో నవ్వు కదిలి ఆగింది. "గొట్టాలు ల్యాబ్‌కు పోతాయి. రిపోర్టులో ఏముంటే అదే," అని పంపేశాడు.

రిపోర్టు వచ్చేదాకా అతన్ని ఎవరూ పనికి పిలవలేదు. ఆమె నా దగ్గర గుండీలు కుట్టింది. ఫోన్ మోగినప్పుడల్లా సూది ఆగేది. చివరికి గొట్టాల్లో మత్తుపదార్థమేదీ లేదని తేలింది. ఆ వారమే అతనికి మళ్లీ సెట్ నుంచి పిలుపొచ్చింది.

ఆ సాయంత్రం ఆమె గిన్నెను లోపలికి తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇగ కొత్తయే కొను. నీ డికాషన్ గీ గిన్నెలనే కాసుకో."