నేను అర్జీలో రాసిన కొడుకు

మా ఎమ్మెల్యే ఆఫీసు ముందు ప్రతి శనివారం షామియానా వేస్తారు. పొద్దున ఎనిమిదింటికే పల్లెల నుంచి జనం ఆటోల్లో, బైకుల మీద వచ్చి దిగుతారు. పింఛను ఆగిపోయిందనీ, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందనీ, ఆపరేషన్‌కి ముఖ్యమంత్రి సహాయ నిధి ఇప్పించమనీ, మాచర్ల బస్సు తమ ఊరి స్టేజీలో ఆపడం లేదనీ చెప్పుకుంటారు. చాలామంది చేతిలో ఒక నిమ్మకాయ ఉంటుంది. పెద్దవాళ్ళ దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదు గదా. మధ్యాహ్నానికి ఆ నిమ్మకాయలతో ఒక బకెట్ నిండుతుంది. ఎండాకాలంలో వచ్చినవాళ్ళకి పోసే మజ్జిగలోకి అవే పిండుతారు.

ఆ షామియానా మూల ఒక ప్లాస్టిక్ కుర్చీ, చిన్న బల్ల నావి. మండలాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాక అక్కడ కూర్చుని, రాయడం రానివాళ్ళకి ఉచితంగా అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. ప్రజాసేవ అని చెప్పుకునేవాణ్ణి. అసలు సంగతి వేరు. మా ఎమ్మెల్యే వయసులో మా అబ్బాయి అంతవాడు. అర్జీ చేతికి రాగానే మైకులో పైకి చదివే అలవాటు అతనికి ఉంది. నా వాక్యాలు మైకులో వినపడుతుంటే, ఆడవాళ్ళు కొంగు కళ్ళకద్దుకుంటుంటే, నాకు కడుపు నిండినట్టుండేది. ముప్పై ఏళ్ళు ఆఫీసులో నేను రాసిన నోట్‌ఫైళ్ళు చదివి ఒక్కరు కూడా ఏడవలేదు మరి.

నా పద్ధతి ఒకటే. మనిషిని రెండే ప్రశ్నలు అడిగేవాణ్ణి: పేరేమిటి, ఏం కావాలి. మిగతాదంతా నేనే సమకూర్చేవాణ్ణి. బోరు మోటారు కాలిపోయిందని వచ్చినవాడి ఇంట్లో పొయ్యి వెలిగి మూడు రోజులయ్యేది. రోడ్డు వేయమని వచ్చిన ఊళ్ళో నిండు గర్భిణి బురదలో ఇరుక్కునేది. ఒకసారి పన్నెండెకరాల మిర్చి రైతు కరెంటు స్తంభం కోసం వచ్చాడు. నేను రాసింది చదివించుకుని విని బెదిరిపోయాడు.

“ఏంది బాబాయ్, నన్నింత అడుక్కుతినేవోణ్ణి చేశావ్? మావోడికి సంబంధాలు చూస్తన్నాం. ఈ కాగితం వాళ్ళ చేతికి పోయిందంటే పిల్లనిస్తారా?”

“స్తంభం కావాలా వద్దా?” అన్నాను.

“కావాలనుకో. ఆ చినిగిపోయిన చొక్కా ఒక్కటి తీసెయ్.”

తీసెయ్యలేదు. స్తంభం వచ్చింది. అది నా వాక్యాల వల్లే వచ్చిందని నేను నమ్మాను. ఆ ఊరికి అంతకు ముందే మంజూరై ఉందని తరువాత తెలిసింది కానీ, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మిరపకోతల రోజుల్లో ఒక శనివారం, బొల్లాపల్లి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. చేతులు ఎర్రగా, మిరపకాయలు కోసి వచ్చినట్టున్నాయి. తీసుకొచ్చిన మనిషి ఆమెను నా ముందున్న కుర్చీలో కూర్చోబెట్టి, “పెద్దయ్యా, మా అమ్మకి చెవుల మిషన్ కావాల. ఆధార్ జిరాక్స్ తీయించుకొస్తా, రాస్తా ఉండు” అని బైకెక్కి వెళ్ళాడు.

ఆమెను పేరడిగాను. నవ్వింది. గట్టిగా అడిగాను. మళ్ళీ నవ్వి, కొంగుముడి విప్పి నిమ్మకాయ చూపించి, “ఇది ఎమ్మెల్యేకి అబ్బాయా, నీక్కాదు” అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఈమెతో లాభం లేదని, పేరుకి కాస్త ఖాళీ వదిలి, రాయడం మొదలుపెట్టాను.

ఆ రోజు పెన్ను బాగా నడిచింది. “కన్నకొడుకు కాదని గెంటివేయగా, కూడు పెట్టు దిక్కు లేక, వాకిట అరుగు మీద కూర్చుని, వచ్చిపోయే బస్సుల వైపు చూస్తూ, ఏ బస్సులోనైనా నా కొడుకు దిగునేమో అని ఎదురుచూచు అభాగ్యురాలను. ఆ బస్సు హారను సైతము వినపడని చెవిటిదానను...” అలా పేజీన్నర సాగింది. కొడుకు జిరాక్సులు తెచ్చాడు. ఆధార్‌లో చూసి పేరు నింపి, అర్జీ మడిచి అతని చేతికిచ్చాను. అతనికి చదువు రాదు. అప్పుడైనా నా బుర్ర పనిచేసి ఉండాల్సింది. అమ్మను బైకు మీద కూర్చోబెట్టుకుని అంత దూరం తీసుకొచ్చిన కొడుకు నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నేను మాత్రం “హారను సైతము” అన్న మాట బాగా కుదిరిందని మురిసిపోతున్నాను.

ఎమ్మెల్యే ఆ అర్జీ మైకులో చదివాడు. ముందు వరసలో ఆడవాళ్ళు కొంగు కళ్ళకద్దుకున్నారు. బస్సుల దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు కూడా మారింది. కాగితం దించి, “ఎవరయ్యా ఈమె కొడుకు?” అన్నాడు.

ఆ పుస్తకాల భాష తమ గురించేనని అతనికి తట్టలేదు. సంతకానికేమో అనుకుని చెయ్యెత్తాడు. “నేనేనండి.”

“సిగ్గులేదూ? కన్నతల్లికి అన్నం పెట్టలేవు గానీ, మిషన్‌కి మాత్రం తీసుకొచ్చావా?”

ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. కోపం రాలేదు ముందు. ఏమీ అర్థం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక మాట అందుకున్నారు. “చూడ్డానికి బానే ఉన్నాడు, ఏం లాభం?” అని ఒకామె. “ఏమ్మా, నీ కొడుకు నిన్ను గెంటేశాడా?” అని ఇంకొకామె పెద్దావిడ ముఖంలోకి వంగి అడిగింది. పెద్దావిడకి ఏమీ వినపడలేదు. అందరూ తనకోసమే మాట్లాడుతున్నారని మాత్రం తెలిసింది. రెండు చేతులూ జోడించి, నిండుగా నవ్వుతూ తలూపింది.

“అవునయ్యా అవును. చల్లగుండాల మీరంతా.”

“చూశారా, అవునంటంది!” అన్నారు జనం.

నేను అప్పుడు లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. లేవలేదు. పెన్ను కింద పడినట్టు బల్ల కిందికి వంగాను. పెన్ను చేతిలోనే ఉంది. గొడవ సద్దుమణిగేదాకా అక్కడే వెతుకుతూ ఉన్నాను. తల ఎత్తేసరికి అతను ఆ కాగితం వెనక్కి తీసుకుని, “మాకేం వద్దు సార్” అని అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోతున్నాడు. బైకు కదిలేటప్పుడు ఆమె నన్ను చూసి చెయ్యి ఊపింది.

రెండు శనివారాలు నేను షామియానాకి వెళ్ళలేదు. మోకాలు నొప్పి అన్నాను. మూడో శనివారం మా ఆవిడ అసలు విషయం లాగింది. విని, చాటలో బియ్యం ఏరుతూనే అంది: “పచారీ చీటీలో కందిపప్పు రాయమంటే మర్చిపోయే మనిషివి. లేని కొడుకుని మాత్రం పేజీన్నర రాశావా?”

“పొరపాటైంది లేవే.”

“నాకెందుకయ్యా చెప్పటం? ఆమె కొడుక్కి చెప్పు పో.” ఫ్రిజ్‌లోంచి ఒక నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది. “ఎమ్మెల్యేకేనా ఇచ్చేది? పట్టుకుపో.”

ఊరు అడుగుతూ వెళ్ళాను. బస్సు దిగి రెండు మైళ్ళు ఆటో. వీధి మలుపు తిరగకముందే అతని గొంతు వినపడింది. ఎవరినో చంపేస్తున్నట్టు అరుస్తున్నాడు. “తాగుతావా! తాగవా! చల్లారిపోతంది!” దగ్గరికి వెళ్ళి చూస్తే అమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, చేతిలో టీ గ్లాసుతో అడుగుతున్నాడు. ఆమె మంచం మీద కూర్చుని మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. గ్లాసు అందుకుని, “టీయా? అట్టా చెప్పవేందిరా” అంది.

నన్ను చూసి అతను ముఖం తిప్పుకున్నాడు. ఆవిడే “అబ్బాయొచ్చాడు, అబ్బాయొచ్చాడు” అని మంచం మీద చోటిచ్చింది. నిమ్మకాయ అతని చేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమెను ఏమీ అడగకుండా రాశానని, తప్పు నాదేనని, ఆ రోజు బల్ల కింద దాక్కున్నానని కూడా చెప్పాను.

అతను నిమ్మకాయ అటూ ఇటూ తిప్పాడు.

“పెద్దయ్యా, నేనెట్టా అరుస్తానో విన్నావు గదా. ఈ వీధిలో కొత్తగా కాపురానికొచ్చినోళ్ళు నేను అమ్మని పొద్దస్తమానం తిడతానే అనుకుంటారు. మా బావమరిది కూడా ఒకసారి కొట్టడానికొచ్చాడు. మిషన్ పెట్టిస్తే ఆమెతో మెల్లగా మాట్లాడొచ్చని నా ఆశ. రెండేళ్ళయింది మెల్లగా మాట్లాడి. అందుకోసం వస్తే, మైకులో గెంటేశానని చదివిచ్చావ్.”

వాకిట్లో ఎండు మిరపకాయల ఘాటుకి కళ్ళు మండుతున్నాయి, అదొక మేలు.

తిరుగు బస్సులో ఒక సంగతి తోచింది. అర్జీలో నేను రాసిన ఆ కొడుకుని గాలిలోంచి తేలేదు. మా అమ్మ చివరి రోజుల్లో క్రోసూరులో మా అన్న దగ్గర ఉండేది. ఆమె పొద్దున్నే అరుగు మీద కూర్చుని బస్సుల వైపు చూస్తుందని మా వదిన ఫోనులో రెండుసార్లు చెప్పింది. ఆఫీసులో ఆడిట్ ఉందన్నాను. ఆడిట్ రెండు రోజుల్లో అయిపోయింది. ఆ కొడుకు ఎవరో నాకు తెలుసు గనకనే వాక్యం అంత బాగా కుదిరింది. తీసుకెళ్ళి ఇంకొకడి నెత్తిన పెట్టాను.

ఆ తరువాతి శనివారం వాళ్ళిద్దరూ వచ్చారు. అతన్ని ఒప్పించడానికి నేను ఇంకో రెండుసార్లు ఆ ఊరు వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి అర్జీ అతను చెప్పాడు, నేను రాశాను. “మా అమ్మకు రెండేళ్ళుగా వినపడదు. నా దగ్గరే ఉంటుంది. నేను అరిచి మాట్లాడవలసి వస్తున్నది. మెల్లగా మాట్లాడాలని ఉంది. చెవి మిషన్ ఇప్పించగలరు.” రాసింది చదివి వినిపించి, తప్పులున్నాయా అని అడిగాను. నా జీవితంలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

ఎమ్మెల్యే చదవకముందే నేను వెళ్ళి మైకు అడిగాను. మొన్నటి అర్జీలో ఉన్నదంతా నా కల్పన అనీ, ఈ మనిషి తన తల్లిని బాగా చూసుకుంటున్నాడనీ చెప్పాను. జనం గుసగుసలాడుకున్నారు. ఎమ్మెల్యే నా వైపు తిరిగాడు.

“అయితే బాబాయ్, ఇన్నాళ్ళూ నేను చదివినవి?”

“చాలావరకు నావేనండి.”

“బురదలో ఇరుక్కున్న ఆమె?”

“ఎవరూ ఇరుక్కోలేదండి. రోడ్డు మాత్రం నిజంగానే బాగుండలేదు.”

షామియానా అంతా ఒక్కసారి నవ్వింది. వెనక వరసలో మా పన్నెండెకరాల రైతు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చెప్పులు వెతుక్కోవడం చూశాను. ఎమ్మెల్యే నవ్వలేదు. కుర్చీలోంచి లేచి దిగి వచ్చి, ఆ కొడుకు చేతులు పట్టుకుని, “తప్పయింది అన్నా. అడక్కుండా అన్నాను” అన్నాడు. ఆ మాట మైకులో అనలేదు గానీ ముందు వరసకి వినపడింది, వాళ్ళు వెనక్కి అందించారు. పెద్దావిడ మళ్ళీ కొంగుముడి విప్పి ఎమ్మెల్యేకి నిమ్మకాయ ఇచ్చింది.

ఎమ్మెల్యే లెటర్‌తో కాగితాలు నరసరావుపేటలో వికలాంగుల శాఖ ఆఫీసుకి వెళ్ళాయి. ఆస్పత్రిలో చెవుల పరీక్ష అయింది, సర్టిఫికెట్ వచ్చింది, మధ్యలో ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తేడా వచ్చి నాలుగు వారాలు ఆగింది. ఆ నాలుగు వారాలూ నేనే తిరిగాను. ఎండలు ముదిరాక మిషన్ వచ్చింది. ఆ సాయంత్రం అతను నాకు ఫోను చేసి రమ్మన్నాడు.

వెళ్ళేసరికి ఇంటినిండా జనం. ఆమె చెవి వెనక చిక్కుడు గింజంత మిషన్. అతను అలవాటు కొద్దీ చెవి దగ్గర నోరు పెట్టి, “అమ్మా! పెద్దయ్యొచ్చాడు!” అని అరిచాడు. ఆమె ఉలిక్కిపడి ఒక్కటిచ్చింది వీపు మీద.

“అరవమాకరా, చెవులు పగిలిపోతన్నయ్!”

అతను నవ్వాడు. తరువాత మామూలు గొంతుతో, దాదాపు సిగ్గుపడుతున్నట్టు, “తిన్నావా అమ్మా?” అన్నాడు.

“తిన్నా.”

అంతే. అతను ముఖం తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళి తువ్వాలుతో వచ్చాడు.

ఆమె మాత్రం నన్ను వదల్లేదు. ఆ మొదటి కాగితంలో ఏం రాశానో ఊరంతా చెప్పుకుంటోందట, తనకే తెలియదట. “చదువు అబ్బాయా, ఇంటా” అని పట్టుబట్టింది. కొడుకు ఆ కాగితం దాచే ఉంచాడు. తెచ్చి నా చేతిలో పెట్టి, తలుపుకి ఆనుకుని నవ్వుతూ నిలబడ్డాడు. నాకు తప్పలేదు. కన్నకొడుకు కాదని గెంటివేయడం దగ్గర నుంచి, అరుగు, బస్సులు, హారను సైతము, అన్నీ, ఆ కొడుకు ఎదురుగా, పైకి చదివాను.

ఆమె కళ్ళార్పకుండా వింది. అయిపోయాక చూస్తే చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. కొంగుతో తుడుచుకుని అడిగింది.

“పాపం, ఎవురయ్యా ఆ తల్లి? ఆమె కొడుకు వచ్చాడా చివరికి?”